గోధుమరంగా, పసుపా?

(ఇంటికి గోధుమరంగు వేయించాలని విశ్వనాథం, లేత పసుపు వేయించాలని అన్నపూర్ణ పట్టుపట్టి వారం దాటింది. ఓటింగు పెట్టి తేల్చుకుందామని ఆమె అనడంతో తగాదా రాజ్యాంగం దాకా వెళ్ళింది.)

విశ్వనాథం: ఓటింగుకు నాకేమీ అభ్యంతరం లేదు. అయితే ఇల్లు నా పేరున ఉంది, పన్ను నేను కడుతున్నాను కాబట్టి ఈ ఇంట్లో ఓటరును నేనొక్కడినే.

అన్నపూర్ణ: అంటే మీరింకా 1919 చట్టం దగ్గరే ఆగిపోయారన్నమాట. ఆస్తో, పన్నో, చదువో చూపించినవారికే ఓటిచ్చి, ఆడవాళ్ళ సంగతి రాష్ట్రాల శాసనమండళ్ళే తేల్చుకోవాలని తెల్లదొరలు చేతులు దులుపుకున్న చట్టం అదేగా! మన మద్రాసు మండలి 1921లోనే స్త్రీలకు ఓటిస్తూ తీర్మానించింది. మీరు మాత్రం నూరేళ్ళు దాటినా ఆ ఊసే ఎత్తరు.

విశ్వనాథం: సరే, 1935 చట్టానికి వద్దాం. అర్హుడైన ఓటరుకు భార్యవైనందుకు నీకూ ఓటు ఇస్తాను.

అన్నపూర్ణ: ఇవ్వడానికి అదేమైనా పండక్కి పెట్టే చీరా? ఆ చట్టంతో ఓటర్లు సుమారు 3 కోట్లకు పెరిగిన మాట నిజమే గానీ, తనకు చదువూ లేక, మొగుడికి సెంటు భూమీ లేని కూలిమనిషి ఆ లెక్కలోకే రాలేదు. నాకు 1950 రాజ్యాంగమే కావాలి. అందులోని 326వ అధికరణం ఆస్తినీ చదువునూ అడగలేదు, ఆడా మగా చూడలేదు, 21 ఏళ్ళు నిండిన పౌరులైతే చాలంది.

విశ్వనాథం: మతిస్థిమితం లేనివారిని తప్పించవచ్చని కూడా అందులోనే ఉంది.

అన్నపూర్ణ: నిన్న కళ్ళజోడు ఫ్రిజ్జులో పెట్టి ఇల్లంతా వెతికించినవారు ఆ మాట ఎత్తకపోవడమే మంచిది.

విశ్వనాథం: హక్కుంటే చాలదు, జాబితాలో పేరుండాలి. మొదటి సార్వత్రిక ఎన్నికలప్పుడు 17 కోట్లకు పైగా ఓటర్లను నమోదు చేస్తే, సొంత పేరు చెప్పకుండా ‘ఫలానావారి భార్యను’, ‘ఫలానావారి కూతుర్ని’ అన్న సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ళను అప్పటి ఎన్నికల ప్రధాన కమిషనర్ సుకుమార్ సేన్ జాబితాలోంచి తీసేయించారు.

అన్నపూర్ణ: ఎక్కువమంది ఉత్తరాదివారేలెండి. అయినా ఆ పేర్లు పలకనివ్వనిదెవరు? రేపు ఎవరైనా జాబితా పట్టుకుని గుమ్మంలో నిలబడితే మీరు మాత్రం నా పేరు చెబుతారా? పెళ్ళైన నాటినుంచి ‘ఇదిగో’ అనే పిలుస్తున్నారు.

విశ్వనాథం: నువ్వు నన్ను ‘ఏమండీ’ అనడం లేదా? ఆ లెక్కన ఇద్దరమూ సమానమే.

అన్నపూర్ణ: మీ పేరు పన్ను రసీదు మీదైనా ఉంది.

విశ్వనాథం: (కాసేపాగి) నీ ఓటు ఒప్పుకున్నాను. అబ్బాయికి మాత్రం పంతొమ్మిదే, ఇంకా 21 నిండలేదు.

అన్నపూర్ణ: పద్దెనిమిది నిండిన పిల్లకు పెళ్ళి చేయవచ్చని 1978 నుంచీ చట్టం ఉండగా, ఓటుకు మాత్రం మరో మూడేళ్ళు ఆగమనడం ఏం సబబు? అందుకే ఓటు వయసును పద్దెనిమిదికి దించే 61వ రాజ్యాంగ సవరణను 1988 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించింది, 1989 మార్చి 28న అది అమల్లోకి వచ్చింది, ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లోనే పద్దెనిమిదేళ్ళవారు ఓటేశారు.

విశ్వనాథం: అమ్మాయికి పద్దెనిమిది నిండేది ఈ నెల 20న. జనవరి 1 నాటికి నిండలేదు కాబట్టి దాని ఓటు వచ్చే ఏడాదికే.

అన్నపూర్ణ: ఆ లెక్క 2022లోనే మారింది. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల్లో ఒకటో తేదీలన్నీ లెక్కలోకి వస్తాయి. ఇందుకు రాజ్యాంగం జోలికి కూడా వెళ్ళనక్కర్లేకపోయింది, ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరిస్తే సరిపోయింది.

విశ్వనాథం: అయితే ఓటింగు ఈ ఆదివారమే!

అన్నపూర్ణ: రంగుల మేస్త్రీని ఏప్రిల్ 2న రమ్మని నిన్ననే చెప్పాను.

విశ్వనాథం: బండి కొనిస్తానంటే అబ్బాయి నా వైపు తిరుగుతాడు. అమ్మ ఎలాగూ నా పక్షమే.

అన్నపూర్ణ: ఎన్నికల్లో అక్రమాలకు పాల్పడినవారి ఓటు తీసేయవచ్చని కూడా ఆ 326లోనే ఉంది, జాగ్రత్త. ఇక అత్తయ్యగారంటారా, తన ఓటు రహస్యమన్నారు. కాకపోతే మేస్త్రీ ఇచ్చిన షేడ్ కార్డులో పసుపు రంగుల పేజీ మడతపెట్టి దిండు కింద దాచుకున్నారు.