ఎర్రనీళ్లు కలిపిన చేతికి పీహెచ్ ఎందుకు రాదు?

పోయిన వారం మా ఆఫీసుకి ఒక బైపీసీ అమ్మాయి వచ్చింది, వాళ్ల నాన్నతో పాటు ఏదో ప్రకటన ఇవ్వడానికి. ఆ పని అయ్యేలోపు డెస్కు దగ్గర కూర్చుని ఒక ప్రశ్న అడిగింది, ఉన్న నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పొద్దున బయాలజీ సారేమో ఏటీపీలో (కణాల్లో శక్తిని మోసే అణువు) ఫాస్ఫేట్ బంధం తెగితే శక్తి వస్తాదని చెప్పినాడంట, మధ్యాహ్నం కెమిస్ట్రీ మేడమేమో ఏ బంధం తెగాలన్నా శక్తి ఖర్చు పెట్టాల్సిందేనని చెప్పిందంట, ఇద్దరిలో ఎవరు కరెక్ట్ అని. మరి క్లాసులోనే అడగలేదా అమ్మా అంటే, "అడిగితే సిలబస్ అవ్వదు సార్, ఈ పేపర్లో ఇది, ఆ పేపర్లో అది రాసేస్తే రెండిట్లోనూ మార్కులు పడతాయి కదా" అనింది.

ఆ జవాబు విన్నాక ఈ రోజు వేరే టాపిక్ మీద రాయబుద్ధి కాలేదు.

ముందు ఆ అమ్మాయికి చెప్పాల్సింది చెప్పేద్దాం. రూలు మేడం చెప్పిందే, బంధం తెంపడానికి ఎప్పుడూ శక్తి పెట్టాల్సిందే. అయితే ఏటీపీ చివర మూడు ఫాస్ఫేట్లు వరసగా ఉంటాయి, అన్నీ మైనస్ చార్జీవే, బ్రహ్మోత్సవాలప్పుడు కొండకెళ్లే బస్సులో ఇద్దరి సీట్లో ముగ్గురు ఇరుక్కున్నట్టు ఒకదాన్నొకటి తోసుకుంటా ఉంటాయి. నీళ్లతో చర్య జరిగి చివరిది ఊడొచ్చేసిందంటే ఆ ఇరుకు తగ్గుతుంది, కొత్త బంధాలు ఏర్పడతాయి, ఊడిన ముక్కల చుట్టూ నీటి అణువులు చేరతాయి, ఈ సర్దుబాటులో బయటికొచ్చే శక్తి తెంపడానికి పెట్టినదానికంటే ఎక్కువ. ఆ మిగులు ప్రామాణిక పరిస్థితుల్లో మోల్‌కి సుమారు 30.5 కిలోజౌళ్లు. సారు చెప్పింది జమాఖర్చులో ఆఖరి మిగులు, మేడం చెప్పింది అందులో ఖర్చు పద్దు ఒక్కటి. ఇది చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు, కాకపోతే ఆ ఐదు నిమిషాలు ఎవరి పీరియడ్‌లోంచి తియ్యాలి అనేదే గొడవ. ఒకే స్టాఫ్‌రూంలో పక్కపక్కన కూర్చుని టీ తాగే ఇద్దరు ఈ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదంటే మేమైతే నమ్ముతాం, ఎందుకంటే టైంటేబుల్ వాళ్లకి ఊపిరి తీసుకునే టైం కూడా ఇవ్వదు.

ఈ ఏటీపీ కథలో మనోడు కూడా ఉన్నాడు, అది మాత్రం ఏ పిలకాయకీ గుర్తుండదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి హార్వర్డ్‌కి పోయి, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్ ఎంతుందో రంగు చూసి కొలిచే పద్ధతి ఒకటి తయారుచేశాడు. ఆ కొలత చేతిలో ఉంది కాబట్టే 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ వాళ్లకి దొరికాయి (అదే ఏడాది జర్మనీలో లోహ్మన్ కూడా విడిగా ఏటీపీని పట్టుకున్నాడు). చదివింది డాక్టరీ, చేతిలో ఉన్నది టెస్ట్‌ట్యూబు. మనం మాత్రం బయాలజీ ఒక అల్మారాలో, కెమిస్ట్రీ ఇంకో అల్మారాలో పెట్టి తాళాలు కూడా వేరే వేరే వాళ్ల దగ్గర పెట్టాం.

బైపీసీ ఎందుకు తీసుకున్నావు అంటే "లెక్కలు రావు సార్" అని చెప్పే పిల్లలు మన తిరుపతిలో ఏ కోచింగ్ సందులోకి పోయినా కనిపిస్తారు. వాళ్ల దృష్టిలో కెమిస్ట్రీ అంటే లెక్కలకి చుట్టం. నీట్‌లో 180 ప్రశ్నలుంటే 90 బయాలజీ, 45 కెమిస్ట్రీ, కాబట్టి బయాలజీ బట్టీ పట్టి కెమిస్ట్రీ ఎలాగోలా గట్టెక్కితే చాలు అనే లెక్క మాత్రం అందరికీ బాగానే వస్తుంది. కానీ ఆ 90లో కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ, ఎంజైములు, డీఎన్ఏ అన్నీ కెమిస్ట్రీయే కదా. మన ఒంటి బరువులో దాదాపు 96 శాతం ఆక్సిజన్, కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్ అనే నాలుగు మూలకాలే. ఆ నాలుగూ ఒకదానితో ఒకటి ఎలా చేతులు కలుపుతాయో తెలియకుండా జీవశాస్త్రం చదవడం అంటే అక్షరాలు రాకుండా శతకం కంఠతా పట్టడం లాంటిదే, అప్పజెప్తారు గానీ అర్థం అడిగితే తల గోక్కుంటారు.

సరే మరి ఎక్కడ మొదలెట్టాలి? మేమైతే వంటింట్లో అంటాం.

దిష్టి తియ్యడానికి ఎర్రనీళ్లు కలపడం మన ఇళ్లల్లో పదేళ్ల పిల్లకి కూడా వచ్చు. నీళ్లలో పసుపు వేసి చిటికెడు సున్నం కలిపితే ఎర్రగా తిరుగుతుంది. పసుపులో ఉండే కర్‌క్యుమిన్ క్షారం తగిలితే రంగు మారుతుంది, సున్నం క్షారం, అంతే సంగతి. అదే నీళ్లలో నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపు రంగుకొచ్చేస్తుంది. లిట్మస్ కాగితం స్టాక్ లేదని ప్రాక్టికల్ వాయిదా వేసే కాలేజీలకి ఇది ఎందుకు తట్టదో మాకైతే అర్థం కాదు.

ఆ తర్వాత పాలు. పీహెచ్ అంటే ఆమ్లమా క్షారమా అని చెప్పే కొలత, అంకె ఎంత తగ్గితే అంత ఆమ్లం. పచ్చిపాల పీహెచ్ 6.6 దాకా ఉంటుంది. రాత్రి గోరువెచ్చటి పాలల్లో అర స్పూను తోడేస్తే అందులో ఉన్న బాక్టీరియా పాలల్లోని లాక్టోజ్ అనే చక్కెరని తిని లాక్టిక్ ఆమ్లం వదుల్తా పోతుంది, తెల్లారేసరికి పీహెచ్ 4.6 దగ్గరికి వచ్చేస్తుంది. 6.6 నుంచి 4.6కి అంటే రెండే కదా అనుకుంటారు పిల్లలు, అక్కడే పప్పులో కాలేస్తారు. పీహెచ్‌లో ఒక్కో మెట్టూ పది రెట్లు, రెండు మెట్లు దిగితే హైడ్రోజన్ అయాన్లు వంద రెట్లు పెరిగినట్టు. పాలల్లో కేసిన్ అనే ప్రోటీన్ చిన్న చిన్న గుంపులుగా తేలుతుంటుంది, ఆ గుంపుల మీద మైనస్ చార్జీ ఉండబట్టే ఒకదానికొకటి అంటుకోకుండా ఉంటాయి. హైడ్రోజన్ అయాన్లు ప్లస్ కదా, వచ్చి ఆ మైనస్‌ని కమ్మేస్తాయి, 4.6 దగ్గర మొత్తం చార్జీ సున్నా అవుతుంది, ఇక తోసుకోవడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి అంటుకుని గడ్డ పెరుగైపోతుంది. సంగటి మీద వేసుకునే ఒక గరిటె పెరుగులో ఆమ్లం, చార్జీ, ప్రోటీన్ ఆకారం, సూక్ష్మజీవి అన్నీ వచ్చేసినాయి. ఇది అర్థమైన పిల్లకి రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్యలోనే ఎందుకు ఉండాలి, పీహెచ్‌ని అటూ ఇటూ పోనివ్వని బైకార్బొనేట్ బఫర్ అక్కడ ఎందుకు కాపలా కాస్తుంది అని చెప్తే ఠక్కున ఎక్కుతుంది. రక్తంలో ఉన్నవీ ప్రోటీన్లే, చార్జీలు మారితే వాటి పనీ మారిపోతుంది.

అలిపిరి మెట్లెక్కేవాళ్లని చూడండి, 3,550 మెట్లు, సగం కూడా కాకముందే చొక్కా తడిసి ముద్దవుతుంది. నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి ఆవిరవ్వాలంటే చాలా వేడి కావాలి, ఒక్క గ్రాము చెమట ఆవిరైతే మన ఒంట్లోంచి సుమారు 580 క్యాలరీలు తీసుకుపోతుంది (బిస్కెట్ ప్యాకెట్ మీద క్యాలరీ అని రాసేది దీనికి వెయ్యి రెట్లు, బరువు తగ్గిపోయామని సంబరపడకండి). నీటి ధ్రువత్వం (అణువులో ఒక పక్క కాస్త ప్లస్, ఇంకో పక్క కాస్త మైనస్ ఉండటం) అని బోర్డు మీద రాసి కిందికి పైకి బాణాలు గీసే బదులు ఈ ఒక్క ముక్కతో మొదలుపెడితే పోలా.

ఇక మామిడి. సీజన్లో మన దామలచెరువు, బంగారుపాళ్యం మార్కెట్ల దగ్గర పెరిగిన పిల్లలకి కార్బైడ్ అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. కాల్షియం కార్బైడ్‌కి తేమ తగిలితే ఎసిటిలీన్ వస్తుంది, కాయ తనంతట తాను మాగేటప్పుడు వదిలేది ఇథిలీన్. రెండిట్లోనూ రెండేసి కార్బన్లే, ఇథిలీన్‌లో వాటి మధ్య ద్విబంధం, ఎసిటిలీన్‌లో త్రిబంధం, పోలిక ఉండబట్టి కాయ మోసపోతుంది. కార్బైడ్‌తో పాటు ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలు కూడా వస్తాయి, అందుకే మన దేశంలో పండ్లు మాగబెట్టడానికి దాన్ని నిషేధించారు, ఇథిలీన్ గ్యాస్‌ని మాత్రం 100 పీపీఎం (పది లక్షల వంతుల్లో వంద) దాకా అనుమతిస్తారు. పచ్చి మామిడి ముక్క మీద ఒక చుక్క అయోడిన్ వేస్తే నల్లటి నీలం వస్తుంది, పిండిపదార్థం ఉంది కాబట్టి, బాగా పండిన ముక్క మీద వేస్తే ఆ నీలం రాదు, పిండి చక్కెరైపోయింది. నూనె, నెయ్యి, కణత్వచం సంగతి కూడా ఇట్లాగే చెప్పొచ్చు, చలికాలం నెయ్యి పేరుకుంటుంది శెనక్కాయ నూనె పేరుకోదు ఎందుకు అని అడిగితే చాలు.

1954 నుంచి ఎస్వీ యూనివర్సిటీ ఉన్న ఊరు ఇది, 2015లో ఐఐటీ, ఐసర్ (సైన్సు చదువు, పరిశోధనల సంస్థ) రెండూ వచ్చాయి, మెడికల్ కాలేజీ, వెటర్నరీ యూనివర్సిటీ, మహిళా యూనివర్సిటీ అన్నీ ఇక్కడే. ఈడ పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలు నెలకో శనివారం పాకాల, పుత్తూరు, పలమనేరు ప్రభుత్వ జూనియర్ కాలేజీలకి పోయి గంట సేపు కూర్చుంటే వాళ్ల గైడ్లు వద్దంటారా? కాలేజీల యాజమాన్యాలని మేము అడిగేది ఇంకా చిన్నది. ఫస్టియర్ బయాలజీ మొదటి వారం రోజులు కెమిస్ట్రీ లెక్చరర్‌ని కూడా అదే క్లాసులో కూర్చోబెట్టండి. బంధం, నీళ్లు, పీహెచ్, కార్బన్, ఈ నాలుగూ ఇద్దరూ కలిసి చెప్పాలి, ఒకరి మాట ఇంకొకరి మాటకి అడ్డం వస్తే పిల్లల ముందరే తేల్చుకోవాలి.

సామానుకి ఏమంత ఖర్చవుతుంది అని మా డెస్కులోనే లెక్కేశాం. అర లీటరు పాలు, నాలుగు నిమ్మకాయలు, పసుపు, తమలపాకుల కొట్లో దొరికే సున్నం, ఒక పచ్చి మామిడి, ఒక పండు, మెడికల్ షాపులో చిన్న అయోడిన్ సీసా. పెరుగు తోడు మాత్రం ఏ హాస్టల్ మెస్సులో అడిగినా ఊరికే ఇస్తారు.