ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసు గుమ్మం ఎక్కండర్రా

ఒడిశాలో మా బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి ఎమ్మెస్‌కి అమెరికా వెళ్ళే పిల్లలు బాగానే పెరిగారు, అందులో కొందరికి సీటు వచ్చేది క్రిస్టియన్ యూనివర్సిటీల్లో, ఆ మాట చెవిన పడగానే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ఫీజు గురించి కాదు. "ఏటి బాబూ, అక్కడ మతం మార్సేస్తారంట కదా?" అని. మొన్న నన్ను ఇలా అడిగిన పెద్దాయన పుట్టిందే బిస్సంకటక్ క్రిస్టియన్ ఆస్పత్రిలో, ఇప్పటికీ నుదుట విభూతి పెట్టుకోకుండా కొట్టు తియ్యడు.

సరే, చాపెల్ (కాలేజీలో జరిగే ప్రార్థన సమావేశం) సంగతి ముందే కనుక్కోవాలి, కాదనను. బేలర్ లాంటి చోట డిగ్రీ పిల్లలకి చాపెల్ అటెండెన్స్ చదువులో భాగమే, కొన్ని కాలేజీలు మందు ముట్టం అని సంతకం కూడా పెట్టించుకుంటాయి (మన నాన్నలకి అది ప్లస్ పాయింటే అనుకోండి). ఎమ్మెస్ వాళ్ళకి చాలాచోట్ల ఈ బాదరబందీ ఉండదు. ఇంకోపక్క జార్జ్‌టౌన్ చూడండి, 1789 నాటి జెస్యూట్ (క్యాథలిక్ గురువుల) యూనివర్సిటీ, అదే 2016లో హిందూ పిల్లల కోసం ఫుల్‌టైమ్ హిందూ చాప్లిన్‌ని (మతగురువుని) పెట్టుకుంది. అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

నా భయమల్లా వేరే. మన పిల్లలు ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసు గుమ్మం ఎక్కరు. ఓరియెంటేషన్ రోజు ఫ్రీ పిజ్జా తిని వచ్చేస్తారు, ఆ తర్వాత ఏ డౌట్ వచ్చినా సీనియర్ల వాట్సాప్ గ్రూపే దిక్కు. వీసాకి కావలసిన ఐ-20 కాగితం ఇచ్చేది, సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ కంప్యూటర్ రికార్డు) మన పిల్లల రికార్డు చూసేది ఆ ఆఫీసులో ఉండే డీఎస్‌వో అనే అధికారి, ఆయన్నేమో వీళ్ళు పోలీసులా చూస్తారు, వెళ్తే ఏదో పట్టేసుకుంటాడని. 2025 ఏప్రిల్లో ఉన్నట్టుండి వేలమంది సెవిస్ రికార్డులు టెర్మినేట్ అయినప్పుడు ఆ డీఎస్‌వోలే కూర్చుని ఒక్కొక్క రికార్డూ చెక్ చేసి పిల్లలకి కబురు పెట్టారు, అది మాత్రం ఎవరికీ గుర్తుండదు.

మాకు తెలిసినవాళ్ళమ్మాయి, గుణుపురం పిల్ల, మొదటి చలికాలంలోనే బాగా డల్ అయిపోయింది, నిద్ర లేదు, క్లాసుకి వెళ్ళబుద్ధి కాదు. గ్రూపులో అడిగితే ఒకడు "ఒక కోర్సు డ్రాప్ చేసెయ్, ఆఫీసుకి చెప్పకు, రికార్డులో ఎక్కించేస్తారు" అన్నాడట. చేసేసింది. ఫుల్‌టైమ్‌కి కావలసిన క్రెడిట్లు తగ్గాయి, స్టూడెంట్ స్టేటస్ పోయింది, దాన్ని తిరిగి ఇమ్మని రీఇన్‌స్టేట్‌మెంట్‌కి అప్లై చేసి నెలల తరబడి గుండె అరచేతిలో పెట్టుకుని కూర్చున్నారు ఇంటిల్లిపాదీ. అసలు దారి ఎంత సింపులో చూడండి, డాక్టర్ దగ్గరో సైకాలజిస్టు దగ్గరో లెటర్ తీసుకుని డ్రాప్ చెయ్యకముందే డీఎస్‌వోకి ఇస్తే రెడ్యూస్డ్ కోర్స్ లోడ్ అని తక్కువ కోర్సులు చదవడానికి పర్మిషన్ ఇస్తారు, ఆరోగ్యం బాగోలేకపోతే ఒక్కో డిగ్రీ స్థాయికి మొత్తం మీద 12 నెలల దాకా ఆ వీలుంది. ముందు, వెనక, అంతే తేడా. క్యాంపస్‌లో కౌన్సెలింగ్ సెంటర్ ఉంది, చాలాచోట్ల దాని ఖర్చు ఫీజులోనే కలిసిపోయి ఉంటుంది, డబ్బు కట్టేసిన వస్తువుని వాడుకోడానికి మొహమాటం ఏంటో నాకు అర్థం కాదు.

మా వైపు పిల్లలకి ఇంకో తిరకాసు ఉంది. తెలుగు కుర్రాళ్ళ రూముకి వెళ్తే "నువ్వు ఒరియా వాడివి కదా" అంటారు, ఒడియా వాళ్ళ పూజకి వెళ్తే తెలుగోడంటారు. 1936లో ఒడిశాని వేరుచేస్తూ గీత గీసిన దగ్గర్నుంచీ మాకిది అలవాటే గానీ, ఇరవై రెండేళ్ళ కుర్రాడికి తెలియని ఊళ్ళో డిసెంబర్ సెలవుల్లో అది నవ్వులాట కాదు. అలాంటప్పుడు ఈ క్రిస్టియన్ యూనివర్సిటీలు చాలావాటిలో ఉండే ఫ్రెండ్‌షిప్ ఫ్యామిలీ పద్ధతి నిజంగా బావుంటుంది, ఒక కుటుంబం థాంక్స్‌గివింగ్‌కి ఇంటికి పిలుస్తుంది, వాల్‌మార్ట్‌కి కారులో తీసుకెళ్తుంది. చర్చికి రమ్మని కూడా పిలుస్తారు, దాచడం ఎందుకు. వద్దండీ అంటే అక్కడితో ఆగాలి, ఆగకపోతే ఆఫీసులో చెప్పి వేరే ఫ్యామిలీని అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక మన తెలుగు సంఘం గురించి ఒక మాట, కోపం తెచ్చుకోకండి. పిల్లాడు పోతే విరాళాలు పోగు చేసి బాడీని ఇంటికి పంపడంలో మనల్ని మించినవాళ్ళు లేరు. బతికుండగా వాడికి ఏ తలుపు తట్టాలో చెప్పేవాళ్ళే తక్కువ. సంక్రాంతి స్టేజీ మీద పెట్టే శ్రద్ధలో పదోవంతు ఆగస్టులో కొత్త పిల్లల మీద పెడితే చాలు.

ఒక్క పని అడుగుతాను. ఫెర్పా అనే చట్టం వల్ల పిల్లాడి సంతకం లేకుండా యూనివర్సిటీ సాధారణంగా తల్లిదండ్రులకి కూడా రికార్డులేవీ చెప్పదు, మరీ ప్రాణం మీదకి వస్తే తప్ప. గుణుపురం నుంచి నాన్న ఫోన్ చేసి ఎంత మొత్తుకున్నా "సారీ" అనే వినపడుతుంది. కాబట్టి ఆ కన్సెంట్ ఫారం వెళ్ళిన వారంలోనే నింపించండి. ఎమర్జెన్సీ కాంటాక్ట్ గడిలో పిల్లలు నాన్న నంబరే రాస్తున్నారు, అక్కడ మధ్యాహ్నం ఏదైనా అయితే ఇక్కడ అందరూ మంచి నిద్రలో ఉంటారు, ఫోన్ ఎత్తినా ఆ యాస అర్థం కావాలి కదా. రెండో కాంటాక్ట్‌గా ఆ ఊళ్ళో ఉండే మన సంఘం సభ్యుడి పేరు రాసుకోనివ్వండి. మీ నంబరు ఇవ్వడానికి ఎవరెవరు ఒప్పుకుంటారో వచ్చే మీటింగులో చేతులెత్తండి, సెక్రటరీ గారు రాసుకుంటారు.