రూ.3,500 దగ్గర ఆగిపోయిన చట్టం

హైదరాబాద్‌లోనో వరంగల్‌లోనో కిరాయి ఇంట్లో ఉంటున్న కుటుంబానికి యజమానితో పేచీ వస్తే ఏ చట్టం కింద ఎవరి దగ్గరకు వెళ్లాలి? తెలంగాణలో ఈ ప్రశ్నకు దొరికే జవాబు 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం. ఉమ్మడి రాష్ట్రం నుంచి వారసత్వంగా వచ్చిన ఆ చట్టాన్ని 2005లో సవరించినప్పుడు, నగరపాలక సంస్థల పరిధిలో నెల అద్దె రూ.3,500, మిగిలిన చోట్ల రూ.2,000 దాటిన భవనాలకు అది వర్తించదని రాశారు. నిర్మాణం పూర్తయి 15 ఏళ్లు నిండని భవనాలను కూడా దాని పరిధి నుంచి తప్పించారు. అప్పటి నుంచి ఇరవై ఏళ్లు గడిచినా ఆ అంకెలు అలాగే ఉన్నాయి. రాజధానిలో ఇవాళ రూ.3,500కు కుటుంబం ఉండదగిన ఇల్లు దొరకడం గగనం. అద్దెదారుల రక్షణ కోసమని చేసిన చట్టం అద్దెదారుల్లో అత్యధికులను గుర్తించనే గుర్తించని స్థితి ఇది. దీన్ని సరిదిద్దే కొత్త చట్టాన్ని రాష్ట్ర శాసనసభ ఇక ఆలస్యం లేకుండా చేయాలని మేము కోరుతున్నాం.

ఆ పరిమితి దాటిన వారికి మిగిలేది 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం. రాతపూర్వకంగా వేరే షరతు లేకపోతే నెలవారీ అద్దెను 15 రోజుల నోటీసుతో ముగించవచ్చని అందులోని 106వ సెక్షన్ చెబుతోంది. కారణం చూపాల్సిన అవసరం లేదు. పిల్లల పరీక్షలు నడుస్తున్నాయా, ఇంట్లో బాలింత ఉందా అని ఆ సెక్షన్ అడగదు. ఇక రిజిస్ట్రేషన్ ఖర్చూ తిప్పలూ తప్పించుకోవడానికి 11 నెలల ఒప్పందం రాసుకోవడం మన దగ్గర ఆనవాయితీ అయింది. ఆ కాగితమైనా చేతిలో ఉన్నవాళ్లు అదృష్టవంతులు. బస్తీల్లో, పాత కాలనీల్లో ఒక్కో పోర్షనుగా ఇచ్చే ఇళ్లలో ఒప్పందమంటే నోటిమాటే. అడ్వాన్సుకు రశీదు ఉండదు. నెలనెలా ఇచ్చే కిరాయికీ ఉండదు. ఖాళీ చేసేటప్పుడు రంగులు వేయించాలనో, కుళాయి పాడైందనో చెప్పి ఒక నెల అద్దె పట్టుకుని మిగిలింది చేతిలో పెడితే, కాదనడానికి అద్దెదారు దగ్గర ఏ ఆధారమూ ఉండదు.

ఈ పరిస్థితి ఒక్క రోజులో వచ్చింది కాదు. 1949 నాటి మద్రాసు చట్టాన్నీ, 1954 నాటి హైదరాబాద్ చట్టాన్నీ కలిపి 1960లో ఒకే చట్టం చేసినప్పుడు, 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన భవనాలన్నిటికీ మినహాయింపు ఇచ్చారు. కొత్త నిర్మాణాలను ప్రోత్సహించాలన్నది అప్పటి ఉద్దేశం. కానీ పాతికేళ్లయినా ఆ తేదీని మార్చకపోవడంతో, రెండు పక్కపక్క ఇళ్ల అద్దెదారుల్లో ఒకరికి రక్షణ, మరొకరికి శూన్యం అన్న పరిస్థితి ఏర్పడింది. మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు 1983లో ఆ మినహాయింపును సమానత్వ హక్కుకు విరుద్ధమని కొట్టేసింది. సుమారు రెండు నెలలకే నాటి ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా మరో మినహాయింపు తెచ్చింది: కట్టి పదేళ్లు కాని భవనాలకూ, నెల అద్దె రూ.1,000 దాటిన వాటికీ చట్టం వర్తించదన్నది. 2005 సవరణ ఆ అంకెలను పెంచి చట్టంలోకి ఎక్కించింది. ఒకప్పుడు సబబుగా ఉన్న నిబంధన కాలం గడిచేకొద్దీ అన్యాయంగా మారవచ్చని ఆనాడు సర్వోన్నత న్యాయస్థానం చేసిన హెచ్చరిక రూ.3,500 పరిమితికి కూడా సరిగ్గా సరిపోతుందని మా అభిప్రాయం.

యజమానుల వాదనలో న్యాయం లేదని మేము అనడం లేదు. తెలంగాణ పట్టణాల్లో ఇల్లు అద్దెకిచ్చేవారందరూ కోటీశ్వరులు కారు. పదవీ విరమణ డబ్బుతో పైన ఒక అంతస్తు వేసుకుని, ఆ కిరాయితోనే మందులు కొనుక్కునే వృద్ధ దంపతులు ప్రతి కాలనీలోనూ కనిపిస్తారు. నెలల తరబడి అద్దె ఇవ్వకుండా, ఖాళీ చేయకుండా కూర్చున్న వ్యక్తి మీద వాళ్లు కోర్టుకెక్కితే ఏళ్లకేళ్లు పడుతుంది. పాత చట్టం వర్తించే కేసుల్లోనైనా, హైదరాబాద్‌లో ఆ చట్టం కింద తగాదాలు తేల్చే రెంట్ కంట్రోలర్ తీర్పు మీద సిటీ స్మాల్ కాజెస్ కోర్టు చీఫ్ జడ్జికి అప్పీలు, దాని మీద హైకోర్టులో రివిజన్ అంటూ మెట్లు ఎక్కాల్సిందే. అద్దెలను దశాబ్దాల తరబడి ఒకే చోట కట్టేయడం కూడా సమంజసం కాదని మహారాష్ట్ర చట్టం విషయంలో సుప్రీంకోర్టు 1997లోనే స్పష్టం చేసింది. ఇల్లు ఇస్తే తిరిగి చేతికి రాదన్న భయం ఇళ్లకు తాళాలు వేయిస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశ పట్టణ ప్రాంతాల్లో సుమారు 1.1 కోట్ల ఇళ్లు ఖాళీగా పడి ఉండటానికి కారణాల్లో ఈ భయం ఒకటి. కాబట్టి మేము కోరేది పాత పద్ధతి అద్దె నియంత్రణ కాదు. రాతపూర్వక ఒప్పందం, దాన్ని ఇరు పక్షాల చేతా పాటింపజేసే ఒక అధికారి, త్వరగా దొరికే తీర్పు కావాలి. యజమానికి, అద్దెదారుకు ఇద్దరికీ మేలు చేసేది ఇదే.

ఇందుకు పునాదిగా ఉపయోగపడే ముసాయిదా సిద్ధంగానే ఉంది. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న మాదిరి అద్దె చట్టాన్ని ఆమోదించి రాష్ట్రాలకు పంపింది. భూమి, యజమాని-కౌలుదారు సంబంధాలు, అద్దెల వసూలు రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 18వ అంశం కనుక కేంద్రం సూచన మాత్రమే చేయగలదు. శాసనం చేయాల్సింది రాష్ట్రమే. కేంద్రం కొత్త అద్దె నిబంధనలు తెచ్చిందని, వాటితో తమ సమస్యలు తీరిపోతాయని ఎవరైనా నమ్ముతుంటే ఈ సంగతి తెలుసుకోవాలి. తమిళనాడు 2017లో చేసుకున్న చట్టం 2019 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. ఆంధ్రప్రదేశ్ కూడా 2017లోనే నివాస, నివాసేతర భవనాల అద్దె చట్టం చేసింది. ఉత్తరప్రదేశ్, అస్సాం 2021లో ఆ దారి పట్టాయి. దేశంలో అతి వేగంగా పెరుగుతున్న నగరాల్లో ఒకటి రాజధానిగా ఉన్న తెలంగాణ ఈ విషయంలో వెనకబడటానికి కారణం కనిపించదు.

మాదిరి చట్టంలో మెచ్చుకోదగినవి చాలా ఉన్నాయి. రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. దాన్ని రెండు నెలల్లోగా రెంట్ అథారిటీకి, అంటే అద్దె వ్యవహారాలు చూసే అధికారికి, తెలియజేయాలి. నివాస గృహానికి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోరాదు. నీళ్లు, కరెంటు, లిఫ్టు, మెట్ల దారి, పారిశుధ్యం వంటి అత్యవసర సౌకర్యాలను ఏ తగాదాలోనూ నిలిపివేయకూడదు. నిలిపివేస్తే వెంటనే పునరుద్ధరించమని ఆదేశించే అధికారం రెంట్ అథారిటీకి ఉంటుంది. బోరు మోటారు స్విచ్ తమ చేతిలో ఉంది కదా అని నీళ్లు ఆపేసి కుటుంబాలను వెళ్లగొట్టే పద్ధతికి కళ్లెం వేయగల నిబంధన ఇది. యజమాని ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి; ఉదయం ఏడుకు ముందు, రాత్రి ఎనిమిది తర్వాత రాకూడదు. అద్దె తీసుకోవడానికి యజమాని నిరాకరిస్తే మనీ ఆర్డరు చేయవచ్చు, అప్పటికీ తీసుకోకపోతే అథారిటీ దగ్గర జమ చేయవచ్చు. చాలా రకాల అర్జీలకు 60 రోజుల గడువు పెట్టారు.

అయితే ఆ ముసాయిదాను ఉన్నది ఉన్నట్టు దించుకోవద్దని మా సూచన. గడువు తీరాక ఖాళీ చేయని అద్దెదారు తొలి రెండు నెలలు రెట్టింపు, ఆ తర్వాత నాలుగు రెట్ల అద్దె చెల్లించాలన్న నిబంధన వాణిజ్య సముదాయాలకు సరిపోతుందేమో గానీ, రోజు కూలీ మీద బతికే కుటుంబానికి కోలుకోలేని దెబ్బ. అడ్వాన్సు తిరిగి రానిదే వాళ్లు మరో ఇంటికి అడ్వాన్సు కట్టలేరు. కాబట్టి ఖాళీ చేసిన రోజే అడ్వాన్సు చేతికివ్వాలి, ఇవ్వనంత కాలం ఈ జరిమానా లెక్కలోకి రాకూడదు అని రాష్ట్ర చట్టంలో స్పష్టంగా ఉండాలి. అద్దె పెంపును ఒప్పందానికే వదిలేసిన మాదిరి చట్టం, 11 నెలలకోసారి కొత్త ఒప్పందం పేరుతో ఎంతైనా పెంచడాన్ని ఆపలేదు. కనీసం మూడేళ్ల నివాసానికి భరోసా, ఆ కాలంలో పెంపునకు ఒక సహేతుకమైన పైపరిమితి అవసరం.

అన్నిటికన్నా పెద్ద వెలితి వివక్ష గురించిన మౌనం. టు-లెట్ బోర్డు చూసి తలుపు తట్టినవారిని ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, చివరికి నేరుగా కులం అడిగి వెనక్కి పంపడం మన నగరాల్లో అందరికీ తెలిసిన సంగతే. ముస్లింలకు, దళితులకు, ఒంటరి మహిళలకు, ట్రాన్స్‌జెండర్లకు అద్దె ఇల్లు దొరకడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుసు. ట్రాన్స్‌జెండర్ల రక్షణకు 2019లో చేసిన చట్టం వంటివి తప్పిస్తే, ప్రైవేటు ఇంటి యజమాని కులం, మతం వంటి కారణాలతో చూపే ఈ వివక్షను సూటిగా నిషేధించే కేంద్ర చట్టమేదీ లేదు. రాష్ట్రం తన చట్టంలో కులం, మతం, లింగం, వైవాహిక స్థితి కారణంగా ఇల్లు నిరాకరించడాన్ని శిక్షార్హం చేయగలదు, చేయాలి.

తెలుగునాట తీవ్రంగా కనిపించే మరో క్రూరత్వం గురించి చెప్పకుండా ఉండలేం. అద్దె ఇంట్లో చావు జరిగితే మైల అంటుతుందని, ధనిష్ఠ వంటి నక్షత్రాల్లో ప్రాణం పోతే ఇల్లు నెలల తరబడి వదిలేయాల్సి వస్తుందని యజమానులు భయపడతారు. ఆ భయంతో ఆఖరి దశలో ఉన్న రోగిని ఆసుపత్రి నుంచి ఇంటికి తేవద్దంటారు. మృతదేహాన్ని గడప దాటనివ్వరు. 2017 సెప్టెంబరులో కూకట్‌పల్లిలో డెంగీతో చనిపోయిన పదేళ్ల కొడుకు శవంతో ఒక తల్లి రాత్రంతా వానలో వీధిలోనే గడపాల్సి వచ్చింది. అటువంటి ఘటనలు ఆ తర్వాతా పత్రికలకెక్కుతూనే ఉన్నాయి. నెలనెలా అద్దె చెల్లించినవారికి ఆ ఇంట్లో బతికే హక్కుతో పాటు అక్కడే కన్నుమూసే హక్కు, అయినవారు అక్కడే దినకర్మలు జరుపుకునే హక్కు ఉన్నాయి. విశ్వాసం ఎవరిదైనా కావచ్చు, దాని మూల్యం మాత్రం కడుపుకోతలో ఉన్న తల్లి చెల్లించకూడదు. మరణం కారణంగా ప్రవేశం నిరాకరించడం, ఖాళీ చేయమనడం నేరమని, పోలీసులు వెంటనే జోక్యం చేసుకోవాలని తెలంగాణ చట్టంలో ప్రత్యేక సెక్షన్ ఉండాలి. ఇది ఏ మాదిరి చట్టంలోనూ దొరకదు. మన శాసనసభ్యులే రాయాలి.

ప్రభుత్వం తలచుకుంటే జోక్యం సాధ్యమేనని 2020లో చూశాం. కొవిడ్ లాక్‌డౌన్ వేళ, మూడు నెలల పాటు అద్దెల కోసం ఒత్తిడి చేయవద్దని, ఆ బకాయిని తర్వాత వడ్డీ లేకుండా వాయిదాల్లో తీసుకోవాలని నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ఏప్రిల్ 19న ప్రకటించారు. కానీ విపత్తు వేళ ఇచ్చిన ఆదేశం విపత్తుతోనే ముగిసింది.

ఒప్పంద పత్రం లేని జీవితానికి మరో నష్టమూ ఉంది. చిరునామా రుజువు లేకపోతే ఆధార్‌లో మార్పు, గ్యాస్ కనెక్షను, ఓటు బదిలీ అన్నీ కష్టమవుతాయి. 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు అందాలంటే మీటరు వివరాలు ఇవ్వాలి. ఒకే మీటరు మీద మూడు నాలుగు పోర్షన్లు నడిపే ఇళ్లలో, సబ్ మీటరు లెక్కన యూనిట్‌కు యజమాని చెప్పిన ధర కట్టే పేదవారికి ఆ మేలు చేరడం కష్టం. పన్ను భయంతోనూ యజమానులు కాగితం ఇవ్వడానికి జంకుతారు: ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటితే ఇంటి అద్దె భత్యం మినహాయింపు కోసం ఉద్యోగి యజమాని పాన్ నంబరు చూపాలి కదా. అందుకే ఒప్పందం నమోదు రుసుమును నామమాత్రం చేసి, మీసేవా కేంద్రంలోనో వార్డు కార్యాలయంలోనో ఒక్క పూటలో, తెలుగులో, ఉర్దూలో పూర్తయ్యే ఏర్పాటు చేయాలి.

అమలు సంగతి అంతకన్నా ముఖ్యం. ఢిల్లీ కోసం పార్లమెంటు 1995లో కొత్త అద్దె చట్టం చేసింది, రాష్ట్రపతి ఆమోదమూ లభించింది. వ్యాపారుల వ్యతిరేకత కారణంగా అది నేటికీ అమల్లోకి రాలేదు, అక్కడ 1958 నాటి చట్టమే నడుస్తోంది. మాదిరి చట్టం ప్రకారం రెంట్ అథారిటీ డిప్యూటీ కలెక్టరు స్థాయికి తగ్గని అధికారి అయి ఉండాలి. ఇప్పటికే భూముల తగాదాలు, ఎన్నికలు, ధాన్యం కొనుగోళ్లతో తీరిక లేని రెవెన్యూ అధికారికి దీన్ని అదనపు బాధ్యతగా అంటగడితే 60 రోజుల గడువు కాగితం మీదే మిగిలిపోతుంది. గ్రేటర్ హైదరాబాద్‌కైనా పూర్తికాలపు అధికారులను, సిబ్బందిని, ప్రత్యేక నిధులను బిల్లుతో పాటే ప్రకటించాలి.

ఇళ్ల విషయంలో మన ప్రభుత్వాల ఆలోచన సొంత ఇంటి చుట్టూనే తిరుగుతోంది. రెండు పడక గదుల ఇళ్ల పథకం అయినా, సొంత స్థలం ఉన్నవారికి రూ.5 లక్షలు ఇచ్చే ఇందిరమ్మ ఇళ్లు అయినా అవసరమైనవే. స్థలం లేని, రేపు ఏ పని ఎక్కడ దొరుకుతుందో తెలియని వలస కార్మికుడికి, అమీర్‌పేటలో కోచింగ్ కోసం వచ్చిన నిరుద్యోగికి మాత్రం కావలసింది భరించగలిగే అద్దె ఇల్లు. కేంద్రం 2020లో మొదలుపెట్టిన అద్దె గృహ సముదాయాల పథకాన్ని రాష్ట్రం తన భూములతో జోడించి ముందుకు తీసుకుపోవాలి.

పాత చట్టం కింద నడుస్తున్న కేసులను మధ్యలో తెంచకుండా అదే పద్ధతిలో ముగించేలా కొత్త బిల్లులో ఏర్పాటు ఉండాలి. రూ.3,500 లోపు అద్దెకు ఉంటున్న నిరుపేదలు ఇప్పుడున్న రక్షణను రాత్రికి రాత్రి కోల్పోకూడదు. ముసాయిదాను తెలుగులో ప్రచురించి, ప్రజల అభ్యంతరాలకు కనీసం 60 రోజులు ఇచ్చి, ఆ తర్వాత శాసనసభ్యులతో కూడిన సెలెక్ట్ కమిటీకి పంపాలి. ఆ కమిటీ సచివాలయంలో అధికారులను, బిల్డర్ల సంఘాలను విని సరిపెట్టుకోకుండా, బోరబండలో, మల్కాజిగిరిలో, హన్మకొండలో, కరీంనగర్‌లో కూర్చుని కిరాయి ఇళ్లవారి మాటలను, చిన్న యజమానుల మాటలను నమోదు చేసి, ఆ నివేదికను బిల్లుతో పాటు సభ ముందు ఉంచాలి.