మరుగుదొడ్డి ఎక్కడుండేది, మిస్టర్ లెనన్?

అక్టోబరు 9న జయంతికి ఒకసారి, డిసెంబరు 8న వర్ధంతికి ఒకసారి, ఏటా రెండుసార్లు బీటిల్స్ బ్యాండు గాయకుడు జాన్ లెనన్‌కి తద్దినం పెడతారు. పెట్టే పిండం మాత్రం ఎప్పుడూ ఒకటే: "ఇంతకీ ఆయన నిజంగా కార్మిక వర్గమేనా?" 1970లో 'వర్కింగ్ క్లాస్ హీరో' అని ఓ పాట పాడాడు. చేసిన నేరం అదే. పోయి నలభై ఏళ్లు దాటినా పాపం ఆయన్ని ఇంకా ఆదాయ ధ్రువీకరణ పత్రం అడుగుతూనే ఉన్నారు.

అడిగేవాళ్లెవరో మీకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు. జీవితంలో ఒక్కసారి కూడా షిఫ్టు సైరన్ విని లేచి ఉండరు. కానీ ఎవడు అసలైన పేదవాడో, ఎవడు పేదవాడి వేషంలో ఉన్నాడో వాసన చూసి చెప్పేస్తారు. వంద మైళ్ల అవతలి నకిలీ కార్మికుణ్ణి పట్టేస్తారు గానీ, తమ గదిలో చెత్తబుట్ట రోజూ పొద్దున్నే ఎలా ఖాళీ అవుతుందన్నది మాత్రం వాళ్లకి ఇప్పటికీ తేలని మిస్టరీ.

వాళ్ల దగ్గరున్న సాక్ష్యాలు బలమైనవే, కాదనను. లెనన్ పెరిగింది లివర్‌పూల్‌లో వూల్టన్ అనే మర్యాదస్తుల పేటలో. అందులో మెన్‌లవ్ అవెన్యూ, 251వ నంబరు. ఆ ఇంటికి నంబరు చాలక 'మెండిప్స్' అని పేరు కూడా ఉంది. ఇంటికి పేరుందంటే సగం కేసు అక్కడే ఓడిపోయినట్టు. రంగు అద్దాల కిటికీలు, ముందొక వరండా, వెనకాల తోట. అన్నిటికీ మించి, వంటగది పక్క గదిలో గోడకి నౌకర్లను పిలిచే గంటల పెట్టె. ఏ గదిలో బటన్ నొక్కితే ఆ గది గుర్తు కదులుతుంది. ఇంతకంటే ఏం కావాలి? ఫైలు మూసేయొచ్చు.

కానీ ఇంత పెద్ద విషయాన్ని అలా చూచాయగా తేల్చకూడదని నా మనవి. దీనికి శాస్త్రీయమైన పద్ధతి ఒకటుండాలి. బీటిల్స్ నలుగురి చరిత్రా చదివాక నాకు తట్టిన కొలమానం ఇది: పడకగది నుంచి మరుగుదొడ్డికి ఎన్ని గజాలు? దూరం పెరిగేకొద్దీ వర్గం స్వచ్ఛమవుతుంది. నవ్వకండి. ఈ చర్చలు నడిచేది నిజానికి దీనిమీదే, పైకి ఒప్పుకోరంతే.

కాబట్టి ఓ వర్గ నిర్ధారణ మండలిని ఊహించుకోండి. అధ్యక్షులవారు లండన్ నుంచి రైల్లో, ఫస్ట్ క్లాసులో దిగారు. చేతిలో టేపు. బల్లమీద నాలుగు ఫైళ్లు.

మొదటిది రిచర్డ్ స్టార్కీది. లోకానికి రింగో స్టార్. డింగిల్ పేట, మాడ్రిన్ స్ట్రీట్, 9వ నంబరు. ఆనుకుని కట్టిన చిన్న ఇళ్ల వరస. దొడ్డి పెరట్లో. అధ్యక్షులవారి కళ్లు చెమర్చాయి. తర్వాత మారిన ఇంట్లో? అక్కడా పెరట్లోనే. ఆయనకి గొంతు పూడుకుపోయింది. ఆరేళ్లకి అపెండిక్స్ పగిలి కోమాలోకి వెళ్లాడనీ, ఎనిమిదేళ్లొచ్చినా చదవడం సరిగ్గా రాలేదనీ, తల్లి బారులో పనిచేసి పెంచిందనీ గుమాస్తా చదవబోతే చెయ్యెత్తి ఆపేశారు. అవన్నీ అనవసరం, దొడ్డి చాలు. ముద్ర కొట్టండి.

రెండో ఫైలు జార్జ్ హారిసన్. ఆర్నాల్డ్ గ్రోవ్, 12వ నంబరు. దొడ్డి పెరట్లో, స్నానానికి జింకు తొట్టి, ఇల్లంతటికీ ఒకే బొగ్గు కుంపటి. తండ్రి బస్సు నడిపేవాడు. అద్భుతం! అయితే కుర్రాడు చిన్నగా ఉండగానే ఆ కుటుంబానికి స్పీక్ పేటలో కౌన్సిల్ ఇల్లు, అంటే స్థానిక ప్రభుత్వం అద్దెకిచ్చే ఇల్లు, వచ్చింది. అందులో స్నానాలగది లోపలే ఉంది. మండలి ఇబ్బందిలో పడింది. అరగంట గుసగుసల తర్వాత తీర్పు: ఇల్లు మారిన రోజు వరకు శ్రామికుడు, మర్నాటి నుంచి అనుమానితుడు.

మూడోది పాల్ మెకార్ట్నీ. ఫోర్త్‌లిన్ రోడ్, 20వ నంబరు. కౌన్సిల్ ఇల్లే, అద్దె ఇల్లే. కానీ దొడ్డి లోపలుంది. పైగా తల్లి మంత్రసాని, తండ్రి పత్తి వ్యాపారంలో సేల్స్‌మన్, అంటే మెడలో టై ఉండే అవకాశం బలంగా ఉంది. ఇంట్లో పియానో కూడా ఉందట. అధ్యక్షులవారు పెదవి విరిచి ఫైలు పక్కన పెట్టారు. తల్లి సైకిల్ తొక్కుకుంటూ అర్ధరాత్రి కాన్పులకు వెళ్లేదని ఎవరో గొణిగారు. సైకిలా? సొంతదా?

ఇక నాలుగోది. మండలి మొత్తం మెండిప్స్‌కి తరలివెళ్లింది. దొడ్డి లోపలే, అదీ మేడమీద. టేపు తీసే పని కూడా పడలేదు. అధ్యక్షులవారు ఆ గంట బటన్ స్వయంగా నొక్కారు. ఎవరూ రాలేదు. మళ్లీ నొక్కారు. రాలేదు. ఆ ఇంట్లో లెనన్‌ని పెంచిన మిమీ పెద్దమ్మ కాపురమున్న రోజుల్లో కూడా ఎవరూ వచ్చేవారు కాదని, నౌకర్లే లేరని, పెదనాన్న జార్జ్ పాల వ్యాపారం చేసి 1955లో పోయాడని, పెద్దమ్మ గదులు విద్యార్థులకు అద్దెకిచ్చి ఇల్లు నడిపిందని గుమాస్తా మనవి చేశాడు. అధ్యక్షులవారు అడిగింది ఒక్కటే: గంట ఉందా, లేదా? ఉంది. ముద్ర పడలేదు.

ఇందులో తమాషా ఏమిటంటే, ఈ తీర్పు చూస్తే మిమీ పెద్దమ్మ ఎగిరి గంతేసేది. తన జాన్‌ని ఎవరైనా కార్మిక వర్గం అంటే ఆవిడకి తలకొట్టేసినట్టుండేది. జార్జ్ హారిసన్ యాసా, బట్టలూ చూస్తేనే ఆవిడకి ఒళ్లు మండేది. తను పద్ధతిగా మాట్లాడటం నేర్పించి పెంచిన పిల్లాడు టీవీలో ముద్ద లివర్‌పూల్ యాసలో మాట్లాడుతుంటే విని నొచ్చుకున్న మనిషి ఆవిడ. అంటే మన నిపుణులు ఇన్నేళ్లు చెమటోడ్చి కనిపెట్టిందల్లా ఆయన పెద్దమ్మ మొదటిరోజు నుంచీ అరిచి చెబుతున్నదే.

పోనీ లెనన్ దాచాడా? అదీ లేదు. 1980లో, చావుకి కొద్ది నెలల ముందు ఇచ్చిన ఇంటర్వ్యూలో తనే చెప్పాడు: పాల్, జార్జ్, రింగోలవి కౌన్సిల్ ఇళ్లనీ, తమది సొంత ఇల్లు, తోట ఉన్న ఇల్లనీ, వాళ్లకంటే తను ఓ అర మెట్టు పైనుండేవాడిననీ. తండ్రి ఓడల్లో స్టూవార్డుగా పనిచేసినవాడు, చిన్నప్పుడే వదిలేసి పోయాడు. తల్లి జూలియా పెంచలేకపోయింది, 1958లో ఆ మెన్‌లవ్ అవెన్యూ మీదే కారు గుద్ది చనిపోయింది. ఇదంతా ఏ వర్గం కింద రాస్తారు? మండలి ఫారంలో దీనికి గడి లేదు.

అలాగని ఆయన్ని నెత్తిన పెట్టుకోమని కాదు. ఆ పాట కట్టే రోజుల్లో ఆయన ఉంటున్నది బెర్క్‌షైర్‌లో, ఆస్కాట్ దగ్గర టిటెన్‌హర్స్ట్ పార్క్‌లో. 1969లో £145,000 పెట్టి కొన్న భవంతి. చుట్టూ 72 ఎకరాలు. 72 ఎకరాల ఆసామి గిటారు పట్టుకుని కార్మికుల కడుపుమంట పాడుతుంటే నాకూ నవ్వొస్తుంది. కానీ అసలు కథ వినండి. 1973లో ఆ భవంతిని ఆయన దగ్గర కొన్నదెవరు? రింగో! రెండు ఇళ్ల పెరటి దొడ్లతో మండలి పరీక్షలో ఫస్టు మార్కు కొట్టిన రింగో. జింకు తొట్టి జార్జ్ ఆపాటికే హెన్లీలో 120 గదుల ఫ్రయర్ పార్క్ కొనేసి ఉన్నాడు. అధ్యక్షులవారు టేపు మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఈ వ్యాధి ఒక్క లెనన్‌తో పోయేది కాదు. రోలింగ్ స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్ వ్యాయామం మాస్టారి కొడుకు, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదివాడు, తర్వాత నాలుక వంకర తిప్పి వీధి యాస తెచ్చుకున్నాడు, 2003లో ఆ నాలుకతోనే సర్ బిరుదు పుచ్చుకున్నాడు. పంక్ సంగీత విప్లవకారుడు జో స్ట్రమ్మర్ అసలు పేరు జాన్ మెల్లర్. దౌత్యాధికారి కొడుకు, పుట్టింది అంకారాలో, చదివింది బోర్డింగ్ స్కూల్లో. ఇవన్నీ పాత ముచ్చట్లు, ప్రతి తద్దినానికీ వడ్డించేవే. ఇవి తెలిశాక ఆ పాటలు బాగుండవని ఎవరైనా చెవులు మూసుకున్నారా అంటే, అదీ లేదు. తెలుసన్న గొప్ప తప్ప వేరే ప్రయోజనం లేదు.

నాకు ఎక్కడ మండుతుందో చెబుతాను.

లెనన్ ఇల్లు యోకో ఓనో 2002లో కొని, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్‌కి ఇచ్చింది. 2003 నుంచి టికెట్టు పెట్టి చూపిస్తున్నారు. 1950ల నాటి ఇల్లులా ఒక్కో వస్తువూ వెతికి తెచ్చి సర్దారు. మంచిదే. మరి రింగో పుట్టిన ఇల్లు? మాడ్రిన్ స్ట్రీట్ మొత్తం కూల్చివేత జాబితాలో పెట్టారు. జనాన్ని ఖాళీ చేయించి, తలుపులకీ కిటికీలకీ రేకులు బిగించి ఏళ్ల తరబడి వదిలేశారు. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన అభిమానులు ఆ రేకుల మీద పెన్నులతో రాసి వెళ్లేవారు, కూల్చకండి అని. ఆ ఇంటిని కూల్చివేత నుంచి తప్పించింది 2012లో, మిగతా వీధి కూల్చివేతకి అడ్డు పడింది 2015లో. ఎవరూ రాని గంటల పెట్టె ఉన్న ఇంటికి ట్రస్టు, గైడు, మినీబస్సు. మండలివారు కళ్లొత్తుకున్న దొడ్డి ఉన్న ఇంటికి అన్నేళ్లూ తుప్పు రేకు! నలభై ఏళ్లుగా "అసలైన కార్మికుడెవరు" అని గొంతు చించుకుంటున్న పెద్దమనుషులారా, అసలైనవాడి గుమ్మానికి రేకు కొడుతుంటే మీరెక్కడున్నారు? ఏ పబ్బులో కూర్చుని లెనన్ కిటికీ అద్దాలు లెక్కపెడుతున్నారు?

అన్నట్టు, రింగో బీటిల్స్‌లో కూడా గొప్ప డ్రమ్మర్ కాదని లెనన్ అన్నట్టు ఓ జోకు తిరుగుతుంది. లెనన్ అనలేదు. అయినా అది ఆగదు, ఎందుకంటే డింగిల్ కుర్రాణ్ణి చూసి నవ్వడం సుఖంగా ఉంటుంది.

ఆ కుర్రాడు డ్రమ్ముల దగ్గరికి ఎలా వచ్చాడో తెలుసా? పదమూడేళ్లకి క్షయ పట్టుకుని హెస్వాల్ పిల్లల ఆసుపత్రిలో రెండేళ్లు పడున్నాడు. పిల్లలు మంచాల మీద నీరసపడకుండా అక్కడ వాయిద్యాలు వాయించనిచ్చేవారు. వీడు దారపు బాబిన్‌ని సుత్తిలా చేసుకుని మంచం పక్క అల్మరా మీద కొట్టడం మొదలుపెట్టాడు. ఉచిత వైద్యమిచ్చే జాతీయ ఆరోగ్య సేవ పెట్టి అప్పటికి ఆరేళ్లు కూడా కాలేదు. బిల్లు కట్టాల్సి వస్తే ఎల్సీ స్టార్కీ బారు జీతంతో రెండేళ్లు ఎక్కడ పెట్టేది కొడుకుని? 1957 క్రిస్మస్‌కి సవతి తండ్రి ఓ సెకండ్‌హ్యాండ్ డ్రమ్ సెట్టు తెచ్చిచ్చాడు. అందులో సింబల్ స్థానంలో ఉన్నది చెత్తడబ్బా మూత.

అదే 1957లో మన పదో తరగతి లాంటి ఓ-లెవెల్ పరీక్షలన్నీ తప్పిన లెనన్‌ని లివర్‌పూల్ ఆర్ట్ కాలేజీ చేర్చుకుంది. 1962 విద్యాచట్టం వచ్చాక కాలేజీకి వెళ్లే పిల్లలకి ఫీజూ, ఖర్చులకి గ్రాంటూ ఇవ్వడం స్థానిక ప్రభుత్వాల బాధ్యత అయింది. పేదవాడు పాటగాడైతే అది వాడి నెత్తురులో ఉన్న మహత్తు కాదండీ! ఎవరో కట్టిన ఆసుపత్రి, ఎవరో ఇచ్చిన కౌన్సిల్ ఇల్లు, ఎవరో తీసిన కాలేజీ తలుపు. తర్వాత ఏం చేశారు? 1998లో £1,000 ఫీజు పెట్టారు. 2012కి ఇంగ్లండ్‌లో అది £9,000 దాకా ఎక్కింది. 2010లో బడుల పనితీరుకి కొత్త కొలత ఒకటి తెచ్చి, అందులో సంగీతాన్ని గాని, చిత్రకళను గాని లెక్కలోకి తీసుకోలేదు. 2023 ఒక్క ఏడాదిలో 125 చిన్న వేదికల్లో లైవ్ సంగీతం ఆగిపోయింది. కొత్తవాడు తొలిసారి జనం ముందు నిలబడి తప్పులు వాయించేది అలాంటి చోటే. వీటికి తద్దినం పెట్టినవాడు ఒక్కడు లేడు. దిక్కుమాలిన గంటల పెట్టె మీద మాత్రం వ్యాసాలే వ్యాసాలు.

ఒక్కసారి, పొరపాటున, ఈ విషయం చర్చకు వచ్చింది. 2015 జనవరిలో లేబర్ పార్టీ ఎంపీ క్రిస్ బ్రయంట్, కళల రంగమంతా నటుడు ఎడ్డీ రెడ్‌మేన్, గాయకుడు జేమ్స్ బ్లంట్ లాంటి వాళ్లతో నిండిపోతోంది, మామూలు ఇళ్ల పిల్లలు ఎటుపోవాలన్నట్టు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. బ్లంట్ ఖరీదైన హారో స్కూల్లో చదివాడు, రాజకుటుంబం గుర్రపు దళంలో అధికారిగా పనిచేశాడు, 2002లో రాణిగారి తల్లి శవపేటిక దగ్గర కాపలా నిలబడ్డవాడు. యాస మార్చుకోలేదు, దేన్నీ కప్పిపుచ్చుకోలేదు, బహుశా అందుకే అన్ని తిట్లు తిన్నాడు. ఆయన చిర్రెత్తి బహిరంగ లేఖ రాశాడు. ఎంపీ జవాబిచ్చాడు. పేపర్లకి పండగ. ఎంపీగారు చదివింది చెల్టెన్‌హామ్ కాలేజీలో, అదీ ఫీజు కట్టే బడే. ఆ దేశంలో అలాంటి బళ్లకి వెళ్లేది నూటికి ఏడుగురు పిల్లలు. ఆ ఏడుగురిలోని ఇద్దరు పెద్దమనుషులు, మిగతా తొంభై ముగ్గురి గురించి ఒకరినొకరు తిట్టుకున్నారు. ఎవరు ఎవరిని ఏ మాటన్నారో అందరం శ్రద్ధగా చదువుకున్నాం. పేద పిల్లల ప్రస్తావన ఎక్కడో కింది పేరాలో ఉందట, అక్కడిదాకా ఎవరూ దిగలేదు.