బండి మనదే.. తాళం ఎవరి చేతిలో?

బెంగళూరులో బైకులంటే ప్రాణం పెట్టే తెలుగువాళ్లు నలుగురు చేరితే, మాట ఎక్కడ మొదలైనా ఎలక్ట్రిక్ దగ్గరికే వస్తోంది. శనివారం రాత్రి మారతహళ్లి టీ అంగడి దగ్గర పుట్టిన వాదన, ఆదివారం తెల్లారకముందే హెబ్బాళ దాటి బళ్లారి రోడ్డెక్కి, దేవనహళ్లి అవతల ఇడ్లీ కోసం ఆగిన చోట కూడా తెగదు. సౌండు లేనిది బైకెలా అవుతుందని ఒక పక్షం. థ్రాటిల్ తిప్పిన క్షణంలో వచ్చే ఆ లాగుడు నీ బుల్లెట్ ఏనాడైనా ఇచ్చిందా అని రెండో పక్షం. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. ఇద్దరూ వదిలేసిన సంగతీ ఒకటుంది. చెడిపోయిన బండిని విప్పే హక్కు ఎవరిది? ఎలక్ట్రిక్ బైకుల విషయంలో బైకు ప్రియులు గొంతెత్తి అడగాల్సింది ఇదే. అడగడానికి ఇదే సమయం కూడా.

ముందు సౌండు సంగతి. ఇంట్లో కూర్చుని, సైలెన్సర్ చప్పుడు వినగానే అది యమహా ఆర్ఎక్స్100 అని, అందులోనూ ఎవరి ఆర్ఎక్స్100 అని చెప్పగలిగినవాళ్లు మనలో ఉన్నారు. ఆ ప్రేమను నేను తక్కువ చేయను. కానీ ఆ చప్పుడు, ట్రాఫిక్‌లో తొడలను కాల్చే ఆ వేడి, రెండూ మనం డబ్బు పెట్టి పోయించుకున్న పెట్రోలు వృథాగా పోతోందనడానికి గుర్తులే. లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి ఉంటుంది. అందులో చక్రం దాకా చేరేది పావు వంతు, మహా అయితే ఇంకొంచెం. బెంగళూరు కంపెనీ అల్ట్రావయొలెట్ 2022 నవంబరులో విడుదల చేసిన ఎఫ్77లో పెద్ద బ్యాటరీ 10.3 యూనిట్లది. అంటే లీటరు పెట్రోలులో ఉన్నదానికి కాస్త పైన, అంతే. ఆ మాత్రం శక్తితో ఆ బండి బెంగళూరులో బయల్దేరి లేపాక్షికి, దాదాపు 120 కిలోమీటర్లు, మధ్యలో ఛార్జింగ్ అడగకుండా చేరుతుంది. అదే బలమున్న పెట్రోలు బైకు లీటరుకు ముప్పై ఇస్తే సంబరపడతాం. సిల్క్ బోర్డు జంక్షన్‌లో ఫస్ట్ గేరులో క్లచ్ పట్టుకుని నిలబడ్డ ఎవరికైనా ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు.

రేంజ్ (ఒక్క ఛార్జింగ్‌తో పోయే దూరం), ఛార్జింగ్ మీద ఫిర్యాదులు నిజమైనవే. బీటీఎం లేఅవుట్‌లో పీజీలో ఉండే కుర్రాడు బండిని ఎక్కడ ఛార్జ్ చేసుకుంటాడు? సెల్లారులో ప్లగ్ పాయింటు పెట్టుకుంటానంటే అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు మీటింగు మీద మీటింగు పెట్టి వద్దంటున్నాయి. కంపెనీ చెప్పే రేంజ్ హైవే మీద వేగం పెంచేసరికి బాగా పడిపోతుంది. గండికోట లాంటి దూరం పెట్టుకుంటే ఛార్జర్లు ఎక్కడున్నాయో చూసుకుని ప్లాన్ వేసుకోవాలి. ఇవన్నీ కాలంతో, డబ్బుతో తీరే ఇబ్బందులు. బ్యాటరీ ధర దిగుతుంది, ఛార్జర్లు పెరుగుతాయి. 1955లో మద్రాసు తిరువొత్తియూరులో బుల్లెట్ల తయారీకి దిగిన రాయల్ ఎన్‌ఫీల్డ్ కూడా 2024 నవంబరులో మిలాన్‌లో ఫ్లయింగ్ ఫ్లీ పేరుతో ఎలక్ట్రిక్ బైకును ముందుకు తెచ్చింది. రావాల్సింది వస్తోంది. ఎలాంటి షరతుల మీద వస్తోందన్నదే చూసుకోవాలి.

రెండు కంపెనీల సంగతి పక్కపక్కన పెట్టి చూడండి. మైసూరులోని ఐడియల్ జావా 1996లో మూతపడింది. యెజ్డీలు తయారుచేసిన కంపెనీ అది. తలుపులు మూశాక విడిభాగాలు ఇచ్చే దిక్కు లేదు, సర్వీసు సెంటరు లేదు. అయినా ఏటా జులై రెండో ఆదివారం జావా దినం పేరుతో బెంగళూరులో ఆ బళ్లు బారులు తీరుతాయి. కిక్ కొడితే స్టార్టవుతాయి. ఎవరు బతికించారు వాటిని? కలాసిపాళ్య, జేసీ రోడ్డు సందుల్లో పిస్టన్ రింగులు అమ్మినవాళ్లు, లేత్ మీద బుష్షు తీసిచ్చినవాళ్లు, సిలిండర్ బోర్ చేసి ఓవర్‌సైజ్ పిస్టన్ వేసిచ్చినవాళ్లు. యమహా ఆర్ఎక్స్100 తయారీ ఆగిపోయిందీ అదే 1996లో. ఈరోజుకీ దాని ధర చూసి కొత్త బండి కొనేవాడు నోరెళ్లబెడతాడు. రిపేరు ఎవరైనా చేయగలరు కాబట్టే దానికి ఆ ధర.

రెండోది ఇటలీలోని మోడెనాకు చెందిన ఎనర్జికా. మోటోఈ ఎలక్ట్రిక్ రేసులకు 2019 నుంచి 2022 వరకు బళ్లు ఇచ్చిన కంపెనీ. ప్రపంచంలోనే మంచి ఎలక్ట్రిక్ స్పోర్ట్స్ బైకులు తయారుచేసింది. 2024 అక్టోబరులో దివాలా తీసింది. ఆ బండి కొన్నవాళ్లకు ఒక్కసారిగా రెండు దిగుళ్లు పట్టుకున్నాయి. విడిభాగం ఎవరిస్తారు? ఇచ్చినా దాన్ని బండి ఒప్పుకునేలా సాఫ్ట్‌వేర్ ఎవరు సరిచేస్తారు? యెజ్డీ సొంతదారుకు మొదటి దిగులే తెలుసు, రెండోది ఆయనకు ఎప్పుడూ ఎదురుకాలేదు. కంపెనీ పోయినా బండి బతకడం, కంపెనీతో పాటే బండీ పోవడం, ఈ తేడా కరెంటుకూ పెట్రోలుకూ మధ్య తేడా అనుకుంటే పొరపాటు. ఒకటి తెరిచి ఉంచిన యంత్రం, ఇంకొకటి మూసి తాళం వేసిన యంత్రం.

ఈ మాట ఇంత గట్టిగా అనడానికి కారణం ఉంది. ఎలక్ట్రిక్ మోటారు మనవాళ్లకు కొత్త కాదు. పెట్రోలు ఇంజన్ కంటే దగ్గరి చుట్టం. బెంగళూరులో బైకు తోలే తెలుగు కుర్రాళ్లలో చాలామందివి అనంతపురం, మదనపల్లె, కదిరి, హిందూపురం చుట్టుపక్కల ఊళ్లు. బోరు మోటారు కాలిపోతే ఇంట్లో ఎంత గాభరా పడతారో వాళ్లకు తెలుసు. రాత్రికి రాత్రి మోటారు పైకి లాగి, ఆటోలో వేసుకుని టౌనుకు తీసుకుపోయి, వైండింగ్ షాపు ముందు కాచుక్కూర్చున్న అయ్యలు, అన్నలు ఉన్నారు. ఆ షాపులో కుర్రాడు కాలిన రాగి తీగను స్లాట్లలోంచి కోసి లాగేస్తాడు. పాత చుట్ల లెక్క నోట్‌బుక్కులో రాసుకుని అదే గేజి తీగతో మళ్లీ చుడతాడు. స్లాట్‌కు ఇన్సులేషన్ కాగితం పెడతాడు, వార్నిష్ పోసి ఆరబెడతాడు. ఏ కాలేజీలోనూ చదువుకోకుండా నేర్చిన పని అది. బైకులో ఉండే మోటారు నిర్మాణం దీనికి వేరు, అయస్కాంతాలు ఉంటాయి, కరెంటును అదుపు చేసే కంట్రోలర్ లేనిదే తిరగదు. అయినా అందులోనూ ఉన్నది తీగ, ఇనుము, బేరింగే. గేరుబాక్సు, క్లచ్ ప్లేట్లు, వాల్వులు, టైమింగ్ చైను లాంటివి వందల భాగాలుండే పెట్రోలు ఇంజన్‌ను అర్థం చేసుకున్న చేతికి ఇది అంతుపట్టని పనేమీ కాదు. సరిగ్గా తయారుచేసి సరిగ్గా తెరిచి ఇస్తే, మన పల్లె టౌన్లలో పెట్రోలు బైకు కంటే తేలిగ్గా బాగుచేసుకోగలిగిన బండి ఎలక్ట్రిక్ బైకే అవుతుంది. ఎలక్ట్రిక్ పక్షం నుంచి ఇంతకు మించిన వాదన నాకు కనిపించలేదు. ఆ పక్షంవాళ్లు మాత్రం సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లో చెప్పి ఊరుకుంటున్నారు.

తాళం ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూశాను. మా స్నేహితుడి ఎలక్ట్రిక్ బైకు బాగేపల్లి దాటి కొడికొండ చెక్‌పోస్టు వైపు పోతుండగా స్క్రీన్ మీద తాబేలు బొమ్మ వేసింది. అంతకు ముందు రాత్రి వాన. సైకిలు వేగానికి మించి కదలనంది. బెంగళూరుకు ట్రక్కులో వేసుకొచ్చి, విల్సన్ గార్డెన్‌లో మేమంతా నమ్మే మెకానిక్ దగ్గర దించాం. ఆయనది మదనపల్లె వైపు. టార్చి పళ్ల మధ్య పట్టుకుని, ఫీలర్ గేజి రేకును ట్యాపెట్ కింద దూర్చి, రేకు జారే తీరును బట్టి నట్టును కొంచెం కొంచెం తిప్పే మనిషి. థ్రాటిల్ దగ్గరున్న కనెక్టర్ ఊడదీసి చూశాడు. పిన్నుల మీద తేమ, పచ్చటి పొక్కు. తుడిచాడు, క్లీనర్ కొట్టాడు, బిగించాడు. తాబేలు పోలేదు. లోపం పోయినా ఎర్రర్ చెరపాలంటే కంపెనీ లాప్‌టాప్ కావాలి. "మోటారంటే మాకేం భయం అన్నా? మా ఊర్లో బోరు మోటార్లు విప్పి కట్టుకుంటానే పెరిగినాం. దీని పాస్‌వర్డ్ యాడ తెచ్చేది?" అన్నాడు. తర్వాత బండి సర్వీసు సెంటరులో రోజుల తరబడి వరుసలో నిలబడింది. చివరికి అక్కడ చేసిందల్లా కేబుల్ తగిలించి ఎర్రర్ చెరపడమే.

మెకానిక్కులకు చేతకాదనే మాట నేను ఒప్పుకోను. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చి కొత్త బైకుల్లో కార్బరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చినప్పుడూ రోడ్డు పక్క షెడ్లు మూతపడతాయనే అన్నారు. స్కానర్లు కొన్నారు, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు, ఇవాళ ఇంజెక్టర్ క్లీనింగ్ చేయని షెడ్డు అరుదు. దారి ఉంటే నేర్చుకుంటారు. ఎలక్ట్రిక్‌లో ఆ దారినే మూసేస్తున్నారు. చాలా బళ్లలో బ్యాటరీని కాపలా కాసే సర్క్యూటు, కంట్రోలర్, డిస్‌ప్లే ఒకదాన్నొకటి గుర్తుపడితేనే బండి కదులుతుంది. వాటిలో ఏది మార్చినా కంపెనీ సాఫ్ట్‌వేర్ ఆమోదించాలి. బ్యాటరీ ప్యాక్‌లో ఒక వరుస సెల్స్ బలహీనపడితే ఆ వరుస మార్చడం కుదరదు, మొత్తం ప్యాక్ కొనుక్కోమంటారు. వారంటీ ముగిసిన బైకుకు ఆ ధర వింటే గుండె జారిపోతుంది. సెకండ్ హ్యాండ్‌లో ఎలక్ట్రిక్ బైకు కొనడానికి జనం జంకుతున్నారంటే దానికి మూలం ఇక్కడుంది.

కంపెనీల వైపు నుంచి ఒక్క మాట గట్టిగా వినాలి. బ్యాటరీ ప్యాక్ ఆడుకునే వస్తువు కాదు. 2022 వేసవిలో ఎలక్ట్రిక్ స్కూటర్లు రోడ్ల మీద కాలిపోవడం దేశమంతా చూసింది. ఆ తర్వాతే కేంద్రం ఏఐఎస్-156 అనే బ్యాటరీ భద్రతా నిబంధనలను బిగించింది. చదువు లేని చేయి ప్యాక్ తెరిస్తే ప్రాణాలు పోతాయన్నది అబద్ధం కాదు. దానికి విరుగుడు శిక్షణ, లైసెన్సు. సీఎన్‌జీ ఆటోకైనా, గ్యాస్ సిలిండరుకైనా మనం చేసింది అదే. ఐటీఐలో నేర్పి సర్టిఫికెట్ ఇవ్వండి, ఆ సర్టిఫికెట్ ఉన్నవాడికి టూల్ అమ్మండి. కాలిపోయే ప్రమాదం ప్యాక్‌కు ఉంటే, థ్రాటిల్ ఎర్రర్ చెరపడానికి కూడా తాళం ఎందుకు?

ఈ జబ్బు బైకుతో మొదలైంది కాదు. ఫోను బ్యాటరీ మనమే మార్చుకునే రోజులు పోయాయి. ట్రాక్టరుకు సెన్సర్లు ఎక్కాయి, పంట కోతల వేళ అది ఆగితే కంపెనీ మనిషి వచ్చేదాకా రైతు చేను గట్టున కూర్చోవాలి. డబ్బిచ్చి కొన్న వస్తువు మీద మన పెత్తనం కొంచెం కొంచెంగా జారిపోతోంది, మనం అలవాటు పడిపోతున్నాం. దీన్ని అడ్డుకునే ప్రయత్నాలు మన దేశంలో జరగకపోలేదు. విడిభాగాలు, పరీక్ష పరికరాలు బయటి మెకానిక్కులకు అందనివ్వడం లేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. ఆ కేసు తర్వాత ట్రిబ్యునల్, కోర్టుల చుట్టూ తిరిగింది. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, అదే డిసెంబరులో రిపేరు సమాచారం ఒకచోట చూపే పోర్టల్ తెరిచింది. కమిటీ ఎంచుకున్న రంగాల్లో వాహనాలూ ఉన్నాయి. ఐరోపా సమాఖ్య ఇంకో అడుగు వేసి, 2027 ఫిబ్రవరి నుంచి ఎలక్ట్రిక్ సైకిళ్ల లాంటి తేలికపాటి వాహనాల బ్యాటరీలు బయటి నిపుణుడు కూడా తీసి మార్చగలిగేలా ఉండాలని చట్టం చేసింది. మన దగ్గర పోర్టల్ ఉంది. కంపెనీని కట్టడి చేసే చట్టం లేదు.

బైకు క్లబ్బులకు ఇక్కడ పెద్ద పని ఉంది. ఒక రైడుకు వందల మందిని కూడగట్టగల బలం మనది. ఆ బలాన్ని సైలెన్సర్ జరిమానాల మీద గొడవకే ఖర్చు చేయడం నాకు బాధగా ఉంది. షోరూంకు వెళ్లినప్పుడు రంగులు, రైడింగ్ మోడ్‌లు తర్వాత అడుగుదాం. సర్వీస్ మాన్యువల్ బయటి మెకానిక్‌కు ఇస్తారా, ఎర్రర్ కోడ్ చదివే పరికరం అమ్ముతారా, కంపెనీ మూతపడితే సాఫ్ట్‌వేర్ తాళం తీసి పోతారా అని ముందు అడుగుదాం. సేల్స్‌మన్ దగ్గర జవాబు ఉండదు. వందమంది అడిగితే ఆ ప్రశ్న పైవాళ్ల దాకా పోతుంది.

ప్రభుత్వం చేతిలో అయితే బెత్తం సిద్ధంగానే ఉంది. 2025 సెప్టెంబరు నుంచి 350 సీసీ దాటిన పెట్రోలు బైకు మీద జీఎస్టీ 40 శాతం, ఎలక్ట్రిక్ బైకు మీద ఎంత ఖరీదైనదైనా 5 శాతం. ఆ తేడా అంతా జనం వదులుకుంటున్న పన్ను. ఎలక్ట్రిక్ వాహనాలకు దేశంలో తొలిసారి విధానం ప్రకటించిన రాష్ట్రం కర్ణాటక, 2017లో. ఆ రాయితీలకు మాన్యువల్, టూల్, విడిభాగాల ధరల పట్టిక బయటపెట్టాలన్న షరతు కలపడానికి ఢిల్లీకైనా బెంగళూరుకైనా కొత్త పథకం అక్కర్లేదు, ఉన్న ఉత్తర్వులో ఒక పేరా చేరిస్తే చాలు. ఒప్పుకోని కంపెనీ 40 శాతం పన్ను కట్టి తాళం వేసిన బండి అమ్ముకోవచ్చు.