పానగల్లు కట్ట మీద రెండు వారాలు

మొన్న అమెరికాలోని మన తెలుగు సంఘం జూమ్ మీటింగులో నల్లగొండ జిల్లాకు ఈ ఏడు ఏం చేద్దామన్న మాట వచ్చింది. ఒకాయన డిజిటల్ క్లాస్‌రూమ్ అన్నాడు, ఒకావిడ కంప్యూటర్ ల్యాబ్ అన్నది, ఇంకో అన్న దాతల పేర్లు చెక్కే శిలాఫలకం ఎంత సైజుండాలో కూడా చెప్పేశాడు. నేను "బిల్డింగులు చాలు, ఈసారి సర్కారు బడి పిల్లలకు రెండు వారాల సైన్సు వేసవి క్యాంపు ఇద్దాం" అని మొదలుపెట్టి మొత్తం వివరంగా చెప్పుకొచ్చాక తెలిసింది, నా మైకు మ్యూట్‌లో ఉందని. అన్‌మ్యూట్ చేసేసరికి అందరూ బతుకమ్మకు హాలు బుకింగు దగ్గరికి వెళ్ళిపోయారు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఈ ఆలోచన నాకు ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో వచ్చింది. ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న గ్రేట్ లేక్స్ సైన్స్ సెంటర్ మనలో చాలామంది చూసిందే, ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే నయాగరాకు ముందో వెనకో ఒక పూట తిప్పే చోటు. 1996లో తెరిచారు. ముందు ఒక గాలిమర తిరుగుతుంటుంది, పక్కనే నీళ్ళలో 618 అడుగుల పాత ఓడ కట్టేసి ఉంటుంది. 1925 నాటి ఓడ అది, ఇనుప ఖనిజం మోసీ మోసీ 1980లో పని మానేసింది, ఇప్పుడు ఎండాకాలంలో పిల్లలు దాని ఇంజను గదిలోకి దిగి చూస్తారు. వేసవి క్యాంపులు కూడా నడుస్తాయి. మా చిన్నది ఎనిమిదేళ్ళప్పుడు మొదటిసారి పోయింది, ఆ వారం ఫీజు కట్టేటప్పుడు మా ఆవిడ ముఖం చూడాల్సింది.

రెండో రోజో మూడో రోజో ఇంటికొచ్చి వంటింట్లో ప్లేటు తీసుకుని "నాన్నా, దీనికి నలుపు తెలుపు రంగు వెయ్యాలి" అన్నది. సెక్కీ డిస్క్ అంటారట. గుండ్రటి బిళ్ళను నాలుగు భాగాలు చేసి ఒకటి వదిలి ఒకటి నల్లగా తెల్లగా పూస్తారు, తాడు కట్టి నీళ్ళలోకి వదులుతారు, ఎంత లోతుకు పోయాక అది కంటికి కనబడకుండా పోయిందో తాడు మీద గుర్తు పెట్టుకుంటారు. నీళ్ళు ఎంత మురికిగా ఉంటే అంత తొందరగా మాయమవుతుంది. 2014 ఆగస్టులో ఇదే సరస్సులో నాచు పేరుకుని దాని విషం నీళ్ళలో కలిస్తే టొలీడో ఊళ్ళో నాలుగు లక్షల మందికి పైగా నల్లా నీళ్ళు తాగొద్దన్నారు కదా, మన వాళ్ళు కూడా సీసాల కోసం లైన్లలో నిలబడ్డారు. పొలాల్లో వేసిన ఎరువు వానకు కొట్టుకొచ్చి నాచును పెంచిందని, ఆ ప్లేటు పట్టుకుని మా ఎనిమిదేళ్ళది నాకు చెప్పింది. నేను ఇంజనీరింగ్ చదివినోణ్ణి, ఎరువుల దుకాణం ఉన్న ఇంట్లో పెరిగినోణ్ణి. నాకు తట్టలే.

ఆ సెంటర్ లోపల నన్ను ప్రతిసారీ ఆపేసేది ఇంకోటుంది. నాసా వాళ్ళ గ్లెన్ పరిశోధన కేంద్రం విభాగంలో ఒక అపోలో క్యాప్సూల్ పెట్టారు. 1973లో ముగ్గురు వ్యోమగాములు అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌లో 59 రోజులుండి తిరిగొచ్చింది అందులోనే. స్కైలాబ్! ఆ పేరు చెప్తే మా వయసు నల్లగొండోళ్ళకు ఏం గుర్తొస్తదో వేరే చెప్పాలా? 1979లో అది మన నెత్తినే పడుతుందని ఒకటే టెన్షన్. మా చిన్నాయన రెండు మేకపోతుల్ని అగ్గువకు అమ్మేసి, మూడోదాన్ని కోసి వాడకట్టుకంతా పెట్టిండు, ఎట్లాగూ పోతం కదా తినే పోదామని. జూలై 11న అది పోయి హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియా పడమటి వైపు ముక్కలై పడ్డది. ఆ పోతుల లెక్క మాత్రం చిన్నాయన చాలా ఏళ్ళు మర్చిపోలేదు.

ఆ మరుసటి ఏడే, 1980 ఫిబ్రవరి 16న, సంపూర్ణ సూర్యగ్రహణం. ఆ నీడ మన మహబూబ్‌నగర్, నల్లగొండల మీదుగానే పోయింది. ఎక్కడెక్కడి సైంటిస్టులో పెట్టెలు మోసుకుని, మనకు ఎంతో దూరం లేని జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీకి వచ్చి కాచుకుని కూర్చున్నారు. మేమేం చేశాం? తలుపులు బిగించుకున్నాం. నానమ్మ పచ్చడి జాడీల మీద గరిక వేసింది, తాంబాళంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టింది, కిటికీ సందుల్లో గోనె సంచులు కుక్కింది. తలుపు కింది నుంచి వచ్చే వెలుగు సన్నబడి సన్నబడి ఆరిపోవడం, వాకిట్లో కోళ్ళు గూట్లోకి సర్దుకునే చప్పుడు, ఆ తర్వాత అసలు ఏ చప్పుడూ లేకపోవడం. ఏడేళ్ళ నాకు గ్రహణమంటే అంతే. పైన రెండు నిమిషాలకు పైగా పట్టపగలు చీకటి, కింద మేమందరం రోకలిని చూస్తూ కూర్చున్నాం.

నానమ్మను తప్పుపట్టను. కళ్ళు పోతాయని ఆమె భయం, ఊరికే సూర్యుణ్ణి చూస్తే పోతాయి కూడా. ఎట్లా చూడాలో చెప్పే మనిషి మా వీధికి రాలేదు, అంతే.

మళ్ళీ నాకా అవకాశం 2024 ఏప్రిల్ 8న క్లీవ్‌లాండ్‌లో దొరికింది. మధ్యాహ్నం మూడుంబావు ముందు నుంచి దాదాపు నాలుగు నిమిషాలు. ఆ ఊరికి అంతకు ముందు సంపూర్ణ గ్రహణం వచ్చింది 1806లో, మళ్ళీ వచ్చేది 2444లో. సైన్స్ సెంటర్ ముందు జాతరలా జనం, అందరికీ కళ్ళద్దాలు, మైకులో ఒకాయన ఇప్పుడు పెట్టుకోండి ఇప్పుడు తియ్యండి అని చెప్తున్నాడు. చీకటి పడంగానే సరస్సు మీద కొంగల్లాంటి ఆ తెల్ల పిట్టలు గోల ఆపేశాయి. నాకు కోళ్ళ గూడు గుర్తొచ్చింది. పక్కనున్నోళ్ళు గ్రహణం చూసి ఏడుస్తున్నానని అనుకున్నారేమో.

ఇప్పుడు అసలు సంగతి. ఆ సెంటర్‌లో నేను మెచ్చుకునేది బిల్డింగు కాదు. సరస్సు ఎదురుగా ఉంది కాబట్టి దాన్నే పాఠం చేసుకున్నారు, ఓడ ఉంది కాబట్టి ఓడనే, గ్రహణం వస్తే గ్రహణాన్నే. మరి నల్లగొండకు సరస్సు లేదా? పానగల్లు ఉదయసముద్రం లేదా? కందూరు చోడుల కాలం నాటి చెరువు, ఇప్పుడు ఒకటిన్నర టీఎంసీల బ్యాలెన్సింగ్ రిజర్వాయరు, సాగర్ వెనక నీళ్ళను పుట్టంగండి దగ్గర మోటార్లతో ఎత్తిపోస్తే కాలువలో ఇంత దూరం వచ్చి అందులో చేరతాయి. ఊరి పిల్లల్లో ఎంతమందికి తెలుసు, తాము తాగే కృష్ణ నీళ్ళు కొండెక్కి వచ్చాయని?

చెరువు పక్కనే ఛాయా సోమేశ్వరాలయం. మూడు గర్భగుళ్ళ గుడి. ఒకదాంట్లో లింగం వెనక గోడ మీద పొద్దంతా ఒక స్తంభం నీడ నిలబడి ఉంటుంది, సూర్యుడు కదిలినా అది కదలదు. ఏ స్తంభం నీడ అని ఒక్కో స్తంభం దగ్గర నిలబడి చెయ్యి అడ్డం పెట్టి చూస్తాం, దొరకదు. మా చిన్నప్పుడు శివుడి మహిమ అని దండం పెట్టుకుని ప్రసాదం తిని వచ్చేవాళ్ళం (దండం ఇప్పుడూ పెడతాను, అది వేరే). నేరుగా పడే ఎండ అయితే నీడ తిరగాలి. పక్కల నుంచి చెదిరి లోపలికి వచ్చే వెలుగును వరుసలో ఉన్న స్తంభాలు కలిసి అడ్డుకుంటే ఆ నీడలన్నీ ఒకే చోట పడి ఒక్కటిగా కనబడతాయి. ఒక అట్టపెట్టె, నాలుగు కొవ్వొత్తులు, రెండు టార్చిలైట్లు ఇస్తే ఆరో తరగతి పిల్లలు గుడి అరుగు మీద కూర్చుని ఆ సంగతి తేల్చేస్తారు. దీనికి ఏ డిజిటల్ బోర్డు కావాలి?

నీళ్ళ సంగతి సరే. ఫ్లోరైడ్‌తో నడుములు వంగిన ఊళ్ళు మనవి. తాగే నీళ్ళలో అది లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదు. మర్రిగూడ వైపు బోర్లలో ఎంతుండేదో అక్కడి ముసలోళ్ళ మోకాళ్ళను చూస్తే చాలు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, తిప్పి, తేర్చి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్ళు 1970ల్లో కనిపెట్టి మన ఊరి పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. టాంజానియాలో, ఇథియోపియాలో కూడా వాడి చూశారు. ఆ పేరు నేను మొదటిసారి విన్నది ఎక్కడో చెప్పమంటారా? ఒహాయోలో, ఒక కెన్యా ప్రొఫెసర్ నోట. నల్లగొండలో పుట్టానని చెప్పగానే ఆయన లేచి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు, ఎందుకిచ్చాడో తెలియక నేను నవ్వాను. ఇప్పుడు మిషన్ భగీరథ పైపుల్లో నది నీళ్ళు వస్తున్నాయి, ఆ పద్ధతి అవసరం తగ్గింది, మంచిదే. కానీ పాత బోరు నీళ్ళు ఒక బకెట్, నల్లా నీళ్ళు ఒక బకెట్ పక్కపక్కన పెట్టి చుక్క రసాయనం వేసి రంగు మారడం చూస్తే, వాళ్ళ తాత నడుము ఎందుకు వంగిందో పిల్లలకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

నల్లగొండలో ఇప్పుడు సమ్మర్ క్యాంప్ అంటే స్పోకెన్ ఇంగ్లిష్, అబాకస్, లేదా వచ్చే ఏడు సిలబస్‌ను రెండు నెలల ముందే రుద్దడం. అవి కూడా ఫీజు కట్టగలిగినోళ్ళకే. సర్కారు బడి పిల్లలకు ఏప్రిల్ చివర నుంచి జూన్ 11 దాకా ఫోను, లేదా బావి. బావి అన్నానంటే గుర్తొచ్చింది, మీటింగయ్యాక నేను ఈ మాట చాట్‌లో చెప్తే మన వాళ్ళలో ఒకరు "చెరువు దగ్గర పిల్లలా, మునిగితే ఎవరిది బాధ్యత?" అని పెట్టారు. న్యాయమైన ప్రశ్న. ప్రతి ఎండాకాలం ఈతకు పోయి పోయిన పిల్లల వార్త చదువుతూనే ఉన్నాం. ఎవరూ నీళ్ళలో దిగరు, ఆ నలుపు తెలుపు ప్లేటును టీచరే వదులుతారు, పిల్లలు కట్ట మీద తాడు కొలుస్తారు. ఎండ సంగతి కూడా అంతే, పొద్దున ఐదుమ్ముప్పావుకు మొదలుపెట్టి తొమ్మిదింటికల్లా గుడి నీడకు చేరాలి, ఉప్మా, మజ్జిగ, ఇంటికి. నా లెక్కన నలభై మందికి రెండు వారాలకు, టీచర్ల గౌరవ వేతనం, ఆటోలు అన్నీ కలిపినా రెండున్నర లక్షల రూపాయలు దాటదు. పోయిన ఉగాదికి మన డెకరేషన్ బిల్లు ఎంతో ట్రెజరర్ గారిని అడగండి.

టీచర్లకే ఎక్కువ ఇవ్వాలి అంటాను, సామాన్లకు కాదు. ఎందుకంటే ఆ తప్పు నేనే చేశాను. ఏడెనిమిదేళ్ళ కింద నలుగురం డబ్బులేసుకుని ఒక బడికి మంచి టెలిస్కోపు పంపాం, ఫొటో ఈ పత్రికలోనే వచ్చింది. రెండేళ్ళ తర్వాత పోయి చూస్తే బీరువాలో పెట్టె పెట్టెగానే ఉంది, థర్మోకోల్ కూడా విప్పలేదు. సారును అడిగితే "పగిలితే మా జీతంలో కోస్తరేమో సార్" అన్నాడు. ఆయన భయం ఆయనది. ఎవరు బిగిస్తారు, ఎవరు నేర్పుతారు అని మేం ఒక్కరం అడగలేదు, పార్శిల్ ట్రాకింగ్ నంబర్ మాత్రం రోజూ చూసుకున్నాం.

పోయిన మే నెలలో ఇంటికి పోయినప్పుడు ఒక పని చేశాను. నల్లగొండ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ఏడాదికి రెండుసార్లు, మే 8 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఇంకోసారి, సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా ఉన్న దేనికీ ఆ నిమిషంలో నీడ ఉండదు. క్లీవ్‌లాండ్‌లో ఈ ముచ్చట ఎన్నడూ జరగదు, అక్కడ సూర్యుడు అంత పైకి రాడు (హవాయి వాళ్ళు మాకుంది అంటారు, ఉంది). 12 గంటలు దాటి తొమ్మిది నిమిషాలకు వాకిట్లో బండ మీద స్టీలు గ్లాసు బోర్లించి కూర్చున్నాను. అమ్మ లోపల్నుంచి "ఎండల ఏం పని బిడ్డా, దెబ్బ తగుల్తది, లోపలికి రా" అని మూడుసార్లు పిలిచింది. నేను రాకపోయేసరికి తనే నెత్తిన కొంగేసుకుని వచ్చింది. గ్లాసు చుట్టూ ఉన్న సన్నటి నీడ గీత ఒక పక్క నుంచి తగ్గుతూ వచ్చి కిందికి దూరిపోయింది. అమ్మ వంగి చూసింది, గ్లాసు ఎత్తి కింద చూసింది, మళ్ళీ పెట్టింది.

"రేపు కూడా ఐతదా?" అన్నది.

రేపు కొంచెం తేడాగా అవుతుందమ్మా అన్నాను. మరునాడు పన్నెండింటికి నేను హైదరాబాద్ దారిలో ఉంటే ఫోన్ చేసింది, గ్లాసు పెట్టిన, పక్కింటి పిల్లలు కూడా వచ్చిన్రు, ఏమైతదో నువ్వే చెప్పు అని.