కుడి మూలన నేను

ఈ మధ్య మా అనంతపురంలో ఎవర్ని కదిలించినా, తమను ఎవరో ఒక చిత్రకారుడు కదిలించి పోయినాడని చెబుతున్నారు. మా పక్కింటి ఇంజనీరింగ్ పిల్లోడి ఫోను తెర మీద వాన్ గో చుక్కల రాత్రి ఉంది. 1889లో చికిత్సాలయంలో ఉంటూ గీసిన బొమ్మ అది. "ఆ సుడులు చూస్తాంటే నా బతుకే కనపడతాది తాతా" అన్నాడు. వాడికి మూడు సబ్జెక్టులు బ్యాక్‌లాగ్ ఉన్నాయి. కనపడుతుండవచ్చు.

నేను ముప్పై ఏళ్ళు ఒక ఆఫీసులో ఫైళ్ళు కదలకుండా చూసుకున్నవాణ్ణి. కదలడం ఎట్లుంటుందో ఈ వయసులోనైనా తెలుసుకుందామని పద్ధతిగా పరిశోధన మొదలుపెట్టాను.

మొదట రవివర్మ. 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టి దేవుళ్ళను అచ్చు వేసి ఇంటింటికీ పంపిన మహానుభావుడు. ఆయన పుణ్యాన మొదలైన వంశంలోని లక్ష్మీదేవి క్యాలెండరు ఒకటి మా ఇంట్లోనూ ఉండేది. అమ్మవారి పాదాల కింద పచారీ కొట్టు పేరు, ఆమె కిరీటం కన్నా పెద్ద అక్షరాల్లో. రోజూ దండం పెట్టేవాణ్ణి. కొట్టులో బాకీ ఉన్న నెలల్లో ఇంకాస్త గట్టిగా పెట్టేవాణ్ణి. దాన్ని కళానుభూతి అనడానికి మనస్సాక్షి ఒప్పుకోలేదు.

తర్వాత ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట. తోలుబొమ్మల ఊరు. అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును వెలుతురు దూరేంత పలచగా గీకి, రంగులేసి, చిన్న ఉలితో బెజ్జాలు కొడతారు. నేను కొన్న తోలు లాంప్‌షేడును బల్బు దగ్గర పెట్టి చూస్తే, సీతమ్మ నడుముకున్న వడ్డాణంలో ఒక్కొక్క బెజ్జమూ ఒక్కొక్క రవ్వై వెలిగింది. చాలా బాగుంది. నేను "చాలా బాగుంది" అన్నానంటే నాకేమీ తగల్లేదని అర్థం. పక్కనున్న రావణాసురుడికి పది తలలున్నాయి, ఒక్కటైనా నా పోలికలో లేదు. ఈ విషయంలో మా ఇంటావిడ అభిప్రాయం వేరు.

అప్పుడొచ్చింది వినాయక చవితి.

మా వీధి మలుపులో పది అడుగుల ఫ్లెక్సీ కట్టారు. పాలు తీసుకొని వస్తుంటే ఆగిపోయాను. గుండె ఝల్లుమంది, ఒళ్ళు పులకరించింది, చేతిలో పాలప్యాకెట్టు జారింది. కుడివైపు, కింది వరుసలో, చిట్టచివరన నేనున్నాను.

చెనక్కాయంత ఉన్నాను. అయితేనేమి? ఆధార్ కార్డు ఫోటోలోని నెరిసిన మీసాన్ని ఆ కళాకారుడు నల్లగా చేశాడు. జన్మలో నేను తొడగని తెల్ల ఖద్దరు చొక్కా తొడిగాడు. ఎవరి మొండెమో తెలియదు గానీ నాకంటే ఆరోగ్యవంతుడు. దగ్గరికి పోయి చూస్తే మెడ అతుకు దగ్గర పాత ఫోటో వెనకటి ఆకుపచ్చ సన్నగా, గీతలాగా మిగిలింది. కుంచె జాడ అంటే ఇదే గదా! ఇక అందరి వెనకాలా మంచుకొండలు, కొండల మీది నుంచి జలపాతం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే పడినట్టు లెక్కేసుకునే జిల్లా కళాకారుడు నీళ్ళు గాక ఇంకేం గీస్తాడు?

సృష్టికర్తను చూడాలని ఆ సాయంత్రమే సప్తగిరి సర్కిల్ పక్క సందులో ఉన్న ఆయన చిత్రశాలకు పోయాను. ఇరవై రెండేళ్ళ పిల్లోడు. చెవిలో ఇయర్‌ఫోను, చేతిలో మౌసు.

"నాయనా, నా ఫోటో ఒక వరస పైకి జరిపేకి కాదా?"

"కాదు సార్. పైవరస అయిదువేల నూటపదార్లోళ్ళది. మీది వెయ్యిన్నూటపదార్లు గదా."

"మరి ఆ పైనున్న గళ్ళచొక్కా ఆయన?"

"ఆయప్ప దుడ్లు ఈల్యా సార్. సామియానా ఇచ్చినాడు."

'హార్దిక' అన్నచోట 'ద'కు ఒత్తు పెట్టి 'హార్ధిక' చేశావేమని అడిగాను. "ఒత్తుంటే నిండుగా ఉంటాది సార్" అన్నాడు. నలభై ఏళ్ళుగా తెలుగు పండితులు ఇవ్వలేని సమాధానం.

ఈ పిల్లోడి శైలికి మూలమెక్కడుందో నాకు లేపాక్షిలో దొరికింది. వీరభద్రాలయం పైకప్పు చూడండి. పదహారో శతాబ్దం, అచ్యుతదేవరాయల కాలం. ఇరవై అడుగులకు పైగా పొడవున్న వీరభద్రుడి బొమ్మ. అదే పైకప్పు మీద, గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు పరివారంతో సహా విభూతి అందుకుంటూ కనపడతారు. దేవుడికంటే బాగా చిన్నగా, మామూలు భక్తుడికంటే బాగా ముస్తాబుగా. నెత్తిన పొడుగాటి కుళ్ళాయిలు, తిరుమలలో కృష్ణదేవరాయల కంచు విగ్రహానికి ఉన్నట్టు. అప్పట్లో ఖద్దరు చొక్కా లేదు గాబట్టి కుళ్ళాయి వేశారు, అంతే తేడా. ఎవరెంత ఇస్తే అంత కొలత అన్న సూత్రం అప్పుడే స్థిరపడిపోయింది.

విరూపణ్ణ పెనుకొండలో కోశాధికారి. రాయలకు చెప్పకుండా ఖజానా సొమ్ము గుడికి వాడాడని నింద పడితే, తన కళ్ళు తనే పెరికి గోడకు కొట్టాడని కథ. గోడ మీది ఎర్రమరకలు ఇప్పటికీ చూపిస్తారు. ప్రజల సొమ్ముతో బొమ్మ వేయించుకున్నవాళ్ళకు ఈ రోజుల్లో కంటికి కలక కూడా రాదు. వైద్యం అంత పెరిగింది.

కళాకారుల హక్కులూ పెరిగాయి. లేపాక్షిలో ఆ చీరల అంచులు, ఆ కోటేరు ముక్కులు గీసిన చేతులెవరివో ఎక్కడా రాయలేదు. మా పిల్లోడి సెల్ నంబరు మాత్రం ఎడమ మూలన స్పష్టంగా ఉంది, అడుగుకు ఎంతో కూడా.

ఇంకొక సంగతి. 2022లో జిల్లాను విడగొట్టినప్పుడు లేపాక్షి, ధర్మవరం, నిమ్మలకుంట అన్నీ సత్యసాయి జిల్లాకు పోయాయి. తాడిపత్రి గుళ్ళు మాకే మిగిలాయి గానీ, అది శిల్పం, నా పరిశోధన రంగుల వరకే. రంగుల్లో మాకు దక్కింది ఫ్లెక్సీ. ఆ ఏడాదే ఆగస్టులో ప్లాస్టిక్ ఫ్లెక్సీల మీద నిషేధం కూడా ప్రకటించారు. గొప్ప కళకు నిర్బంధాలు కొత్తా?

నిమజ్జనమైన మర్నాడు మలుపు బోసిగా ఉంది. కమిటీవాళ్ళను అడిగితే "మీ బావమరిదే అడిగి తీసకపోయినాడు" అన్నారు. అభిమానమంటే అదీ! పెళ్ళిలో వాచీ విషయంగా వాడితో ఉన్న పాత తకరారు ఆ క్షణమే మరిచిపోయాను.

చెనక్కాయలు పెరికే కాలంలో వాళ్ళూరికి పోయాను. కళ్ళం పక్కన కట్టె వామి. వానకు తడవకుండా దాని మీద పరిచారు. మంచుకొండలు, జలపాతం, అయిదువేల నూటపదార్లోళ్ళు, అందరూ ఆకాశం చూస్తూ పడుకోనుండారు. లేపాక్షిది పైకప్పు, ఇదీ చివరికి పైకప్పే అయింది. పరంపర తెగలేదని సంతోషిస్తూ కుడి మూలకు పోయి చూశాను.

అక్కడ ఒక గుండ్రాయి ఉంది.

"రేయ్, ఈ రాయి కొంచెం ఇవతలకు జరుపురా" అన్నాను.

"జరిపితే గాలికి లేచి పోతాది బావా" అన్నాడు వాడు, ఇంకొక రాయి ఎత్తుకొస్తూ.